ఖాళీ సంచికి ఐదు నక్షత్రాలు

పండగ సేల్ మొదలైందంటే చాలు, నా ఫోన్‌కి ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. "అక్కా, ఈ వాక్యూమ్ క్లీనర్‌కి 4.3 ఉంది, ఆ రెండోదానికి 4.1 ఉంది. 4.3 ఉన్నదే తీసుకోనా?" అని. అడిగేవాళ్ళంతా తెలివైనవాళ్ళే. వంకాయని నాలుగు వైపులా తిప్పి చూసి, పుచ్చు లేదని తేల్చుకుంటే గానీ సంచిలో వేసుకోనివాళ్ళే. అలాంటివాళ్ళు పదిహేను వేల రూపాయల యంత్రాన్ని మాత్రం చుక్క పక్కనున్న ఒక్క అంకె చూసి కొనేస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నక్షత్రాలు ఎన్ని ఉన్నాయన్నది తర్వాతి సంగతి. అవి ఎవరు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నదే అసలు సంగతి. ఈ రెండూ తెలియకుండా 4.3 అన్నా 4.1 అన్నా మనకి ఒరిగేదేమీ లేదు.

ముందు "ఎప్పుడు" అన్నది చూద్దాం. ఒక పది రివ్యూలు వరసగా చదివి చూడండి. "ఈ రోజే వచ్చింది, ప్యాకింగ్ సూపర్", "రంగు బాగుంది, బరువు ఫరవాలేదు", "రెండు రోజుల్లో డెలివరీ, థాంక్స్". సగానికి సగం ఇలాగే ఉంటాయి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా? వింతగా ఉన్న వారంలోనే మార్కులు పడిపోతాయి. రోత మొదలయ్యే నాటికి మళ్ళీ అక్కడికి వెళ్ళి రాసే ఓపిక ఎవరికీ ఉండదు.

వాక్యూమ్ క్లీనర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. మొదటి రోజు ఏ యంత్రమైనా బాగానే లాగుతుంది. ఫిల్టరు కొత్తది, సంచి ఖాళీ, గొట్టానికి ఎక్కడా పగుళ్ళు ఉండవు. సన్నటి దుమ్ము ఫిల్టరు సందుల్లో కూరుకుపోయాక కదా గాలి ఆడక లాగుడు తగ్గేది! వైరు లేని రకమైతే ఏడాదీ రెండేళ్ళు వాడాక కదా బ్యాటరీ నీరసపడేది! అప్పుడు కొత్త ఫిల్టరు దొరుకుతుందా, కొత్త బ్యాటరీ ఎంత, బాగుచేసేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారా? అసలు మార్కులు వెయ్యాల్సింది వీటికి. మొదటి రోజు రివ్యూలో ఇవేవీ ఉండవు.

దీనికి ఒక నిజమైన కథ ఉంది. యూరప్‌లో 2014 సెప్టెంబరు నుంచి వాక్యూమ్ క్లీనర్లకు ప్రభుత్వ నిబంధనల ప్రకారమే గ్రేడు లేబుళ్ళు అంటించడం మొదలుపెట్టారు. మన ఫ్రిజ్‌ల మీద స్టార్ లేబుల్ ఉంటుంది చూడండి, ఆ రకంగా. ఆ పరీక్ష పద్ధతి మీద డైసన్ కంపెనీ కోర్టుకెళ్ళింది. మీరు ఖాళీ సంచితో పరీక్ష చేసి మార్కులు వేస్తున్నారు, ఇళ్ళల్లో వాడేటప్పుడు సంచి ఖాళీగా ఉంటుందా అన్నది వాళ్ళ వాదన. సంచి లేని క్లీనర్లు అమ్మే కంపెనీ కాబట్టి ఇందులో వాళ్ళ లాభం వాళ్ళకుంది. అయినా మాటలో న్యాయం ఉంది. 2018 నవంబరులో అక్కడి జనరల్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 2019 జనవరి నుంచి ఆ లేబుళ్ళు పోయాయి. ప్రభుత్వం లెక్కకట్టి ఇచ్చిన గ్రేడ్లకే ఆ గతి పట్టింది. పెట్టె విప్పిన రోజున ఎవరో సోఫాలో కూర్చుని ఇచ్చిన ఐదు నక్షత్రాలు కూడా ఖాళీ సంచి మార్కులే కదా!

ఇక "ఎవరు" అన్న ప్రశ్న. చాలా ఇళ్ళల్లో ఆన్‌లైన్ ఖాతా ఆయన పేరు మీదో, అబ్బాయి పేరు మీదో ఉంటుంది. రేటింగ్ ఇమ్మని మెసేజ్ వచ్చేది ఆ ఫోన్‌కే. యంత్రాన్ని గదిగదికీ ఈడ్చుకు తిరిగేది, డబ్బా విప్పి దులిపేది మాత్రం వేరే మనిషి.

మా ఇంటికి వచ్చిన క్లీనర్ 4.4 నక్షత్రాలది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. "నాలుగు వేలమంది మెచ్చుకున్నారోయ్" అంటూ మావారు తెప్పించారు. మొదటి రోజు హాల్లో తివాచీ మీద రెండు నిమిషాలు నడిపి, "బ్రహ్మాండం" అని అయిదు నక్షత్రాలు నొక్కేశారు. ఆయన అబద్ధం ఏమీ చెప్పలేదు. ఆ రెండు నిమిషాలూ అది బ్రహ్మాండంగానే ఉంది. తర్వాత సంగతులు మాకు తెలుసు. వైరు పొట్టిది, గదికో ప్లగ్గు మార్చాలి. డబ్బా మూత తీస్తే సగం దుమ్ము మన మొహానే కొడుతుంది. అది ఆన్‌లో ఉంటే కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో తెలియదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడ రెండు వారాలు ఓపికపట్టి, "అమ్మా, దీన్ని ఈడ్చుకుని తిరిగేలోపల నేను రెండిళ్ళు ఊడ్చేసుకుంటానమ్మా" అంది.

ఆ యంత్రం గురించి నేను విన్నవాటిలో అసలైన రివ్యూ ఇదే. ఆ నాలుగు వేల అభిప్రాయాల్లో ఇది లేదు. ఎలా ఉంటుంది? ఆవిడకి అక్కడ ఖాతా లేదు, కొన్న బిల్లు లేదు. కొన్నవాళ్ళకే గానీ వాడేవాళ్ళకి మార్కులు వేసే వీలు లేదు. ఆవిడకి జీతం గంటల లెక్కన రాదు, ఇంటికింత అని నెలకి వస్తుంది. మా ఇంట్లో యంత్రం వల్ల ఇరవై నిమిషాలు ఆలస్యమైతే, తర్వాతి ఇంట్లో మాట పడేది ఆవిడ. నక్షత్రాలు మాకు, చివాట్లు ఆవిడకి. పని సులువు కావాలని యంత్రం కొని, పనిచేసే మనిషిని ఒక్క మాట అడగకపోతే ఆ సులువు ఎవరికి?

ఇప్పుడు ఆ క్లీనర్‌ని పరుపులకీ సోఫాలకీ కర్టెన్లకీ వాడుతున్నాం. నేలకి కొండచీపురే.

ఇంకో సంగతి. ఎవరింటి దుమ్ము వారిది. మా ఆడపడుచు డాలస్‌లో ఉంటుంది. "వదినా, నా దానికి వేలకి వేల రివ్యూలు ఉన్నాయి, కళ్ళు మూసుకుని కొనుక్కో" అంటుంది. వాళ్ళింట్లో గోడ నుంచి గోడ దాకా కార్పెట్. అక్కడ చీపురు పనికిరాదు, యంత్రం లేనిదే గడవదు. మనవి టైల్స్, మార్బుల్, గ్రానైట్. మన దుమ్ములో ముగ్గుపిండి ఉంటుంది, విభూతి ఉంటుంది, ఎదురుగా కట్టే అపార్ట్‌మెంట్ సిమెంటు ఉంటుంది. ఇంత మెత్తటి పొడి ఫిల్టరుని త్వరగా పూడ్చేస్తుంది. పొడుగు జుట్టు ఆడవాళ్ళు ఇద్దరున్న ఇంట్లో తిరిగే బ్రష్షుకి వెంట్రుకలు చుట్టుకుని ఉండకట్టుకుంటాయి. రోబో అయితే గడప దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఈ కష్టాలు తెలియనివాళ్ళు ఇచ్చిన నక్షత్రాలు మనకెందుకు?

ఇన్ని వెబ్‌సైట్లు రాక ముందు యురేకా ఫోర్బ్స్ వాళ్ళు టై కట్టుకుని ఇంటికే వచ్చేవాళ్ళు. ఆ కంపెనీ మొదలైంది 1982లో. మన పరుపు మీదే నడిపి, ఎంత దుమ్ము వచ్చిందో తెల్లగుడ్డ మీద వేసి చూపించేవాళ్ళు. అమ్ముకోవడానికే వచ్చారనుకోండి, కానీ పరీక్ష జరిగింది మన ఇంట్లో, మన దుమ్ము మీద, మన కళ్ళ ముందు. ఆ ఒక్క సుఖం ఇప్పుడు లేదు.

కొన్న నక్షత్రాల గురించి కూడా చెప్పుకోవాలి. ఆ మధ్య ఏదో చిన్న వంటింటి సామాను తెప్పిస్తే పెట్టెలో ఒక చీటీ వచ్చింది. ఐదు నక్షత్రాలిచ్చి ఫొటో పంపితే డబ్బులు వెనక్కిస్తారట! అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు చేపలు మాయం. మన దేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్ళే కొన్నవాళ్ళలా వేషం వేసి రివ్యూలు రాయకూడదు. 2022 నవంబరులో ఐఎస్ 19000 అని రివ్యూలకు ఒక ప్రమాణం కూడా తెచ్చారు. కాకపోతే తెచ్చినప్పుడు దాన్ని పాటించడం వాళ్ళ ఇష్టానికే వదిలేశారు. అమెరికాలో నకిలీ రివ్యూలు కొనడాన్నీ అమ్మడాన్నీ నిషేధించే నిబంధన 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. ఇన్ని దేశాలు నిబంధనలు రాసుకుంటున్నాయంటే రోగం చిన్నది కాదనే కదా!

ఇంకొందరు కొనుగోలుదారుల నక్షత్రాలనీ, కరెంటు ఆదాకి ఇచ్చే నక్షత్రాలనీ ఒకటే అనుకుంటున్నారు. ఫ్రిజ్ మీదా ఏసీ మీదా ఉండేది బీఈఈ లేబుల్, 2006లో మొదలైంది. అది కొలత మీద ఇచ్చేది. ఇది మనసుకి తోచి ఇచ్చేది. రెండూ నక్షత్రాలే అయినా రెండిటికీ పోలికే లేదు.

అయితే రివ్యూలు చదవొద్దంటానా? అననే అనను. మంచి రివ్యూ పక్కింటి పిన్ని మాటకన్నా కూడా పనికొస్తుంది. ముప్పై వేలు పోసి కొన్న పిన్ని తన వస్తువు బాగాలేదని మన దగ్గర ఒప్పుకోదు కదా! చదివే పద్ధతి మార్చమంటున్నాను, అంతే.

సగటు చూసి ఆగిపోకండి. వందమందీ నాలుగేసి నక్షత్రాలిస్తే సగటు 4. డెబ్భై ఐదుమంది ఐదేసి, పాతికమంది ఒక్కొక్కటి ఇచ్చినా సగటు 4. మొదటిదాంతో అందరూ ఓ మాదిరిగా సుఖంగా ఉన్నారు. రెండోదాంతో నలుగురిలో ఒకరు లబోదిబోమంటున్నారు. ఆ గీతల పట్టిక పక్కనే ఉంటుంది, చూడండి.

ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళలో కొందరి కోపం డెలివరీ కుర్రాడి మీద, అది వదిలెయ్యండి. ఐదిచ్చినవాళ్ళది కొత్త మోజు, అదీ వదిలెయ్యండి. మూడు నక్షత్రాలవాళ్ళని మాత్రం శ్రద్ధగా చదవండి. మంచీ చెడూ రెండూ చెప్పేది వాళ్ళే. "ఆరు నెలలు", "ఏడాది", "ఫిల్టరు", "సర్వీసు" అన్న మాటలున్న రివ్యూలు వెతకండి. వాట్లు చూసి మోసపోకండి. వాట్లు కరెంటు ఎంత తింటుందో చెబుతాయి గానీ దుమ్ము ఎంత లాగుతుందో చెప్పవు. యూరప్‌లో 2017 నుంచి ఇళ్ళల్లో వాడేవాటికి 900 వాట్లు దాటకూడదని హద్దు పెట్టారు. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలుంటే హెపా ఫిల్టరు ఉందా, లేక "హెపా లాంటిది" అని రాశారా, అది చూసుకోండి. ఆ "లాంటిది" దగ్గరే ఉంది కిటుకంతా.

కొనేముందు ఇంట్లో ఊడ్చే మనిషిని అడగండి. బరువెంతుంటే మొయ్యగలవు, మంచం కింద ఎంత ఎత్తుంది, డబ్బా ఎక్కడ దులుపుతావు అని. ఆ జవాబులతో వెబ్‌సైట్ తెరిస్తే సగం యంత్రాలు వాటంతటవే పక్కకి పోతాయి.

కొన్నాక మీరు కూడా రాయండి. మొదటి వారంలో కాదు, ఆరు నెలలు వాడాక. ఆయన ఫోన్ తీసుకుని అయినా సరే, తెలుగులోనే రాయండి. ముగ్గుపిండి లాగిందా, వెంట్రుకలు చుట్టుకున్నాయా, నడుం నొప్పి తగ్గిందా పెరిగిందా? మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఏమందో అది కూడా ఒక వాక్యం రాయండి. ఎక్కడో ఇంకో ఊళ్ళో పండగ సేల్ చూస్తూ కూర్చున్న మనలాంటి ఆడమనిషికి ఆ నాలుగు వాక్యాలే కావాలి.