యంత్రము మనది, దాని బుద్ధి యెవ్వరిది?

2019 సంవత్సరపు లోకసభ యెన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమున 185 మంది అభ్యర్థులు నిలిచిన సంగతి మన పాఠకులు మరచియుండరు. పసుపునకును ఎఱ్ఱజొన్నలకును గిట్టుబాటు ధర లేదని దేశమునకు చాటుటకై రైతులే గుంపులుగా నామినేషనులు వేసిరి. పాత ఎం-2 తరగతి ఓటింగు యంత్రము 64 పేర్లకు మించి భరింపలేదు. కావున 384 వరకు స్వీకరింపగల ఎం-3 యంత్రములను రప్పించి, పోలింగు కేంద్రమునకు 12 బ్యాలెటు యూనిట్ల చొప్పున అమర్పవలసివచ్చెను. యంత్రము ఎంతటి ప్రజావాక్యమును మోయగలదో దానిని నిర్మించినవాడు ముందే నిర్ణయించియుండునని ఆనాడు మనకు తెలియవచ్చినది. ఓటింగు యంత్రములోని ప్రోగ్రామును తయారైన పిమ్మట ఎవ్వరును మార్చరాదు, అది యుక్తమే. కాని మన యిండ్లలోను, అంగళ్లలోను, పొలములలోను ఉన్న తక్కిన పరికరములకు సైతము ఈ కట్టుబాటు ఏల?

బోధను చెఱకుసీమలో యంత్రవిద్య క్రొత్తది కాదు. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియయ్యెను. 1937లో శక్కర్‌నగరమున నిజాం చక్కెర కార్ఖానా వెలసెను. చెఱకు ఆడని నెలలలో ఫిట్టర్లు పానాలు పట్టి రోలర్లను, పంపులను విప్పి, అరిగినదానిని మార్చి మరల బిగించుట చక్కెర కార్ఖానాల పరిపాటి. విప్పి చూచినవాడే విద్య నేర్చినవాడు. 2015 డిసెంబరులో ఆ కార్ఖానా మూతపడినప్పుడు కూలివారి కూడు పోవుటయే గాక, ఈ సీమకు యంత్రవిద్య నేర్పిన బడి యొకటి పోయినది. నేటి పరికరము పానాకు లొంగునది కాదు. మరలు విప్పినను లోపల కనబడునది పచ్చని పలక యొక్కటియే. దాని బుద్ధి యంతయు ఆ పలకపై చిప్పులో నిక్షిప్తమైన ఆపరేటింగు సిస్టములో నున్నది. దానిని కూర్చుటయు, మన యవసరమునకు తగినట్లు మార్చుకొనుటయు నేర్చినవాడే నేటి ఫిట్టరు.

మాకు పరిచయమున్న యొక పఠనాలయములో ఇంటర్నెటు రౌటరు మాటిమాటికి నిలిచిపోవుచుండెను. అమ్మినవారిని అడుగగా, ఆ నమూనాకు క్రొత్త సాఫ్ట్‌వేరు ఇక రాదనియు, వేఱొకటి కొనుడనియు చెప్పిరి. పాలిటెక్నికు చదువుచున్న యొక కుఱ్ఱవాడు దానిని రెండుదినములు తనయొద్ద నుంచుకొని, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను సిస్టమును అందులో నెక్కించి తెచ్చెను. పెట్టె అదియే; బుద్ధి మాఱినది. పఠనాలయమునకు రెండువేల రూపాయల వ్యయము తప్పినది.

ఇది యింద్రజాలము కాదు. 2003లో లింక్‌సిస్ వారి డబ్ల్యుఆర్‌టి-54జి రౌటరులో లినక్సు కెర్నెలు ఉన్నదని కొందఱు కనిపెట్టి, లైసెన్సు ప్రకారము దాని మూలపాఠమును బయటపెట్టుడని పట్టుపట్టిరి. కంపెనీవారు ఇచ్చిరి. ఆ పాఠము నాధారము చేసికొని 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి పుట్టెను.

న్యాయవాద వృత్తిలోనున్న మాకు ఈ కథలో లైసెన్సు సంగతియే ముఖ్యముగా తోచును. లినక్సు కెర్నెలు జిపిఎల్ రెండవ పాఠముచే రక్షింపబడినది. దానిని తన పరికరములో పెట్టి అమ్మువాడు ఆ మూలపాఠమును కొన్నవానికి అందింపవలయును. వెంట నీయనిచో, కనీసము మూడేండ్లు చెల్లునట్లు వ్రాతమూలకముగా మాట యీయవలయును. అనగా రౌటరులు, స్మార్టు టెలివిజనులు, కెమెరాలు మొదలగువానిలో పెక్కింటి విషయమున మనకు డిక్రీ యిదివఱకే దొరికినది. కాని అమలు జరుపుకొనజాలని డిక్రీ బీరువాలోని కాగితమే కదా! మూలపాఠము చేతికి వచ్చినను చదువనేరనివానికి అదియు నంతియే. హక్కును లైసెన్సు ఈయగలదు. అమలు విద్యవలననే కావలయును.

ఈ విద్య స్వరూపమేమి? పరికరమును మేలుకొలుపునది బూట్‌లోడరు; యంత్రాంగమును ఏలునది కెర్నెలు; తక్కిన ప్రోగ్రాములు నివసించునది రూట్ ఫైల్ సిస్టము. ఈ మూటిని మన పెద్ద కంప్యూటరుపై కూర్చి, చిన్న ప్రాసెసరునకు అర్థమగు రూపమున సిద్ధము చేయుటను క్రాస్ కంపైలేషను అందురు. ఆరంభకులకు బిల్డ్‌రూట్ అను సాధనము సులభము: వలసినవానిని పట్టికలో ఎన్నుకొన్నచో, ఒక్క ఆజ్ఞతో సిస్టమంతయు తయారగును. 2010లో వెలువడిన యోక్టో పెద్ద పనులకు తగినది. అందు మూలమును ముట్టక మన మార్పులను వేఱు పొరగా వ్రాసికొనవచ్చును. మూలచట్టమునకు సవరణలను ప్రత్యేకముగా వ్రాసినట్లు. మూలము క్రొత్తదైనను మన పొర చెడదు. మొదటి కూర్పునకు గంటలకొలది కాలమును, పదుల గిగాబైట్ల తావును పట్టును, ఓర్పు కావలయును. క్యూఎము అను సాధనముండుటచే పరికరము కొనకయే పరీక్షింపవచ్చును. పంపు స్టార్టరు వంటి చిన్నవానికి లినక్సు అక్కఱలేదు. ఫ్రీఆర్‌టాస్, జెఫైర్ వంటివి చాలును.

పనిచేయుచున్నదానిని కదలింపనేల యని పెద్దలు కొందఱనవచ్చును. 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము, తయారీనాటి పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటరులను లక్షలసంఖ్యలో చెఱబట్టి ప్రపంచమందలి వెబ్‌సైటులపైకి ఉసికొల్పెను. యజమానులు దానిని గుర్తింపనైనలేదు. పనిచేయుచున్నట్లు కనబడుట వేఱు, మన యాజ్ఞలో నుండుట వేఱు. అయినను హద్దులు కలవు. తూనిక యంత్రములు 2009 నాటి తూనికలు కొలతల చట్టమునకు లోబడినవి. గంజులోని కాటాను ఉత్సాహముకొలది మార్చబోయినచో అది విద్య కాదు, నేరము. మఱికొందఱు తయారీదారులు మూలపాఠమిచ్చియు, తమ తాళముతోగాని పరికరము మేలుకొనకుండ కట్టుదిట్టము చేయుదురు. కావున కొనుటకు ముందే తెలిసికొని కొనుట విజ్ఞత.

తెలుగువారికి ఇది మించిన పని కాదు. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు తెలుగులో పలుకు ఆపరేటింగు సిస్టమును ఇదివఱకే కూర్చి చూపిరి. నిజామాబాదులో పాలిటెక్నికు ఉన్నది. డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయమున్నది. 2023లో ఐటీ హబ్బు తెఱవబడినది. లోపించినది కట్టడములు కాదు, పూనిక. ప్రతి పఠనాలయమును ఒక పాత రౌటరును బల్లపై నుంచి, తెలిసినవాని నొకనిని పిలిపించి, ఆదివారమునాడు రెండు గంటలు తెలుగున బోధింపజేయుగాక. పదిమంది కూర్చున్నచో ఇద్దఱు నిలుతురు. ఊరికి ఇద్దఱు చాలును. మరియొకచోట బ్రతుకుతెరువు వెదకికొను మన యువకులకు, శక్కర్‌నగరపు ఫిట్టరుల మనుమలకు, తాత పట్టిన పానా మరల చేతికి వచ్చును. ఆ ఆదివారము రానున్న ఆదివారమే యేల కారాదు?