వెనక దించితే స్టైలా, రిస్కా? పికప్ ట్రక్కుల ‘స్క్వాట్’కు అమెరికాలో 4 అంగుళాల రూల్.. మరి మన దగ్గర?

రీల్స్ స్క్రోల్ చేసేవాళ్లకు ఈ బండి కొత్తేం కాదు. భారీ పికప్ ట్రక్కు.. బానెట్ ఆకాశం వైపు చూస్తుంటుంది, వెనక బంపర్ రోడ్డుకు ఆనుకున్నట్టు ఉంటుంది. దీన్నే అమెరికాలో ‘కరోలినా స్క్వాట్’ అంటారు. స్క్వాట్ అంటే గొంతుక్కూర్చోవడం. పేరు బాగానే కుదిరింది, బండి నిజంగా గొంతుక్కూర్చున్నట్టే ఉంటుంది.

ఈ స్టైల్‌ను 2021లో నార్త్ కరోలినా, 2022లో వర్జీనియా, 2023లో సౌత్ కరోలినా, 2024లో టెన్నెసీ వరుసగా నిషేధించాయి. వీడియోలు మాత్రం ఆగలేదు. మన దగ్గర ఫోర్ బై ఫోర్ పికప్ కొన్న కుర్రాళ్లకు కూడా ఈ డౌట్ వస్తోంది. వెనక కాస్త దించితే ఏమవుతుంది? ఎంతవరకు దించొచ్చు? ఆర్టీవో పట్టుకుంటే ఏం చేస్తాడు?

ఇక్కడ ఒక విషయం ముందే క్లియర్‌గా చెప్పుకోవాలి. అమెరికాలో ఆ రాష్ట్రాలు బండిని దించడాన్ని నిషేధించలేదు. ముందుకీ వెనక్కీ మధ్య ఎత్తు తేడా ఎంత ఉండొచ్చో చెప్పి, అది దాటితే నేరం అన్నాయి. మన చట్టంలో అలాంటి అంకె ఏదీ లేదు. తయారీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చొద్దు అంటుంది, అంతే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

టేపు పట్టుకుని కొలిచే చట్టం

నార్త్ కరోలినాలో ఇంతకుముందే ఒక రూల్ ఉంది. కంపెనీ ఇచ్చిన ఎత్తు కంటే ముందైనా వెనకైనా 6 అంగుళాలకు మించి లేపినా, దించినా మోటారు వాహనాల కమిషనర్ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. స్క్వాట్ చేసేవాళ్లు దీంట్లోనే సందు వెతుక్కున్నారు. ముందు కొంచెం లేపి, వెనక కొంచెం దించితే రెండూ విడివిడిగా లిమిట్‌లోనే ఉంటాయి. కలిపి చూస్తేనే బండి వెనక్కి పడుతున్నట్టు కనిపిస్తుంది.

అందుకే 2021లో ఇంకో మాట చేర్చారు. ముందు ఫెండర్ ఎత్తు, వెనక ఫెండర్ ఎత్తు కంటే 4 అంగుళాలు లేదా అంతకంటే ఎక్కువ ఉండకూడదు. ఎలా కొలవాలో కూడా చట్టంలోనే రాశారు. నేల నుంచి చక్రం మధ్యలో నిలువుగా గీత గీస్తే ఫెండర్ కింది అంచు దగ్గరకు ఎంత వస్తుందో అదే ఎత్తు. రోడ్డు పక్కన పోలీసు చేతిలో టేపు ఉంటే చాలు. 12 నెలల్లో 3 సార్లు దొరికితే కనీసం ఏడాది లైసెన్స్ పోతుంది. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది.

సౌత్ కరోలినాలో జరిమానాలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. మొదటిసారి 100 డాలర్ల వరకు, రెండోసారి 200, మూడోసారి 300తో పాటు ఏడాది లైసెన్స్ సస్పెన్షన్. వర్జీనియాలో అయితే 2022లో స్క్వాట్ చేసిన ట్రక్కు ఢీకొన్న ప్రమాదంలో ఒకరు చనిపోయాకే చట్టం వేగంగా కదిలింది.

షార్లెట్, రాలీ, కేరీ వైపు మనవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ పిల్లలకు 16 ఏళ్లకే స్టీరింగ్ చేతికొస్తుంది. సెకండ్ హ్యాండ్ ట్రక్కు కొనేటప్పుడు దాని మోడిఫికేషన్ ఎవరు చేయించారన్నది పోలీసుకు అనవసరం, నడిపేది ఎవరన్నదే ముఖ్యం. ఆ సబర్బ్‌లలో లైసెన్స్ లేకపోతే పాల ప్యాకెట్‌కు కూడా వెళ్లలేం.

4 అంగుళాలకే ఇంత గొడవా?

వినడానికి చిన్న తేడాలాగే ఉంటుంది, జానెడు కూడా లేదు. కానీ దాన్ని హెడ్‌లైట్ల దగ్గర పెట్టి చూడండి.

మన దగ్గర దొరికే ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటి పికప్‌ల ముందు, వెనక చక్రాల మధ్య దూరం దాదాపు 3.1 మీటర్లు. ముందు వెనకల మధ్య కొత్తగా 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్ల తేడా తెచ్చామనుకుందాం. లైటు కిరణం ప్రతి మీటరుకూ 3 సెంటీమీటర్లకు పైగా పైకి లేస్తుంది. మామూలుగా లో బీమ్‌ను ప్రతి మీటరుకూ ఒక సెంటీమీటరు చొప్పున కిందికి వంచి సెట్ చేస్తారు. ఆ వంపు ఒక్క దెబ్బకు పోతుంది. 20 మీటర్ల దూరంలో, లైటు ఎత్తు కంటే 20 సెంటీమీటర్లు కింద ఉండాల్సిన వెలుగు 45 సెంటీమీటర్లు పైన ఉంటుంది. పికప్ హెడ్‌లైట్ నేల నుంచి సుమారు మీటరు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ వెలుగు సరిగ్గా ఎదురొచ్చే కారు డ్రైవర్ కళ్లలోకి, బైక్ మీద వస్తున్నవాడి ముఖంలోకి కొడుతుంది. లో బీమ్‌లో వెళ్తున్నా ఎదుటివాడికి అది హై బీమే. రాత్రిపూట సింగిల్ రోడ్డు మీద దీని అర్థం ఏంటో బైక్ నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకో పక్క డ్రైవర్ కూడా సరిగా చూడలేడు. పికప్‌కు అసలే బానెట్ ఎత్తు. అది ఇంకా లేస్తే బండి ముందు దగ్గరగా ఉన్న నేల కనిపించదు. ఆ దూరంలో నిలబడే చిన్నపిల్లాడు కూడా కనిపించడు. 4 అంగుళాలకే ఇలా ఉంటే, రీల్స్‌లో కనిపించే 8, 10 అంగుళాల స్క్వాట్ సంగతి మీరే ఊహించుకోండి.

మూడోది బ్రేకులు. దీని గురించి వీడియోల్లో ఎవరూ మాట్లాడరు. చాలా గూడ్స్ బండ్లలో, పికప్‌లలో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య చిన్న రాడ్డుతో కలిపిన ఒక వాల్వ్ ఉంటుంది. తొట్టిలో లోడు పడి వెనక భాగం కిందికి దిగితే ఆ రాడ్డు కదులుతుంది. లోడు ఎక్కువుందని వెనక బ్రేకులకు ప్రెషర్ పెంచుతుంది. ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. ఇప్పుడు మనం బండిని పర్మినెంట్‌గా వెనక దించేశాం. తొట్టి ఖాళీ, కానీ వాల్వ్ లెక్కలో లోడు ఉంది. వానలో గట్టిగా బ్రేకు వేస్తే తేలిగ్గా ఉన్న వెనక చక్రాలు ముందే లాక్ అయ్యే ప్రమాదం ఉంటుంది. కొత్త బండ్లలో ఏబీఎస్, ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉంటాయి నిజమే, కానీ అవి కూడా కంపెనీ ఎత్తును బట్టి ట్యూన్ చేసినవే.

అసలు ఫ్యాక్టరీ నుంచి వచ్చే పికప్‌ను పక్కనుంచి చూస్తే వెనక భాగమే కాస్త ఎత్తుగా ఉంటుంది. డిజైన్ బాలేక కాదు. బస్తాలు వేశాక లెవెల్‌కు రావాలని అలా చేస్తారు.

ఫోర్ బై ఫోర్‌తో ఇంకో తలనొప్పి

టూ వీల్ డ్రైవ్ పికప్‌ను దించడం ఒక ఎత్తు, ఫోర్ వీల్ డ్రైవ్‌ను దించడం ఇంకో ఎత్తు. రెండో దాంట్లో ముందు చక్రాలకు కూడా ఇంజిన్ పవర్ వెళ్తుంది. ఇలాంటి పికప్‌లలో ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. అక్కడి నుంచి రెండు పొట్టి షాఫ్టులు చక్రాలకు వెళ్తాయి. వాటి చివర్ల ఉండే జాయింట్లు ఒక కోణం వరకే హాయిగా తిరుగుతాయి. ముందు లేపినా, దించినా ఆ కోణం మారుతుంది. జాయింట్‌కు కప్పిన రబ్బరు బూట్ చిరుగుతుంది, గ్రీజు కారిపోతుంది, లోపలికి మట్టి పోతుంది. తర్వాత మలుపు తిప్పినప్పుడల్లా టక్ టక్ సౌండ్. అది కొత్త జాయింట్ ఖర్చుకు సిగ్నల్.

వెనక వైపు కమాన్లు ఉంటాయి. దించడానికి ఎక్కువగా చేసేవి రెండు పనులు. కమాన్ కట్టలోంచి ఒకటో రెండో పట్టీలు తీసేయడం ఒకటి, యాక్సిల్‌నూ కమాన్‌నూ కలిపే చోటు మార్చి బిగించడం ఇంకోటి. పట్టీ తీసేయడం చాలా చీప్, షెడ్డులో గంట పని. కానీ ఆ పట్టీ అందం కోసం పెట్టింది కాదు, లోడు మోయడానికి పెట్టింది. తీసేశాక ఆర్‌సీలో రాసి ఉన్న బరువు అలాగే ఉంటుంది, బండికి మాత్రం ఆ బరువు మోసే సత్తా ఉండదు. నాలుగు బస్తాలు వేస్తే యాక్సిల్ వెళ్లి ఛాసిస్ కింది రబ్బరు స్టాపర్‌కు గుద్దుకుంటుంది. రెండో పద్ధతిలో కమాన్ బలం అలాగే ఉంటుంది. కానీ యాక్సిల్ పైకి జరగడానికి ఉన్న ఖాళీ తగ్గిపోతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది, స్పీడ్‌లో వైబ్రేషన్ వస్తుంది. దాన్ని సరిచేయడానికి మళ్లీ వేరే పార్టులు కావాలి.

వీల్ అలైన్‌మెంట్ సంగతి ఎలాగూ ఉంటుంది. ముందు దించితే చక్రాల పైభాగం లోపలికి వాలి, టైర్ల లోపలి అంచు తొందరగా అరుగుతుంది.

అయితే దించడం అన్నిసార్లూ పిచ్చి పనే అనలేం. నాలుగు చక్రాలూ సమానంగా, ఒకటి రెండు అంగుళాలు, సరైన స్ప్రింగులతో, సరైన షాకబ్జర్లతో దించితే బరువు కేంద్రం కిందికి వస్తుంది, మలుపుల్లో బండి తక్కువ ఊగుతుంది. ఎప్పుడూ తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకు అందులో లాజిక్ ఉంది. కాకపోతే పొలం గట్ల కోసమని ఫోర్ బై ఫోర్‌కు లక్షలు ఎక్కువ పెట్టి, దాని గ్రౌండ్ క్లియరెన్స్‌ను మళ్లీ డబ్బులిచ్చి తగ్గించుకోవడం మాత్రం మాకు అర్థం కాని లెక్క. మన ఊరి స్పీడ్ బ్రేకర్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు తెలియవు కదా.

మన దగ్గర రూల్ ఏం చెబుతోంది?

ఇండియాలో ఈ పికప్‌ల కథకు మన రాష్ట్రంతోనే లింకుంది. ఇసుజు వీ-క్రాస్ తయారయ్యేది తిరుపతి జిల్లా శ్రీసిటీలోని ప్లాంట్‌లో, 2016లో అది మొదలైంది. సొంతానికి, సరదాకు పికప్ కొనే అలవాటు ఇక్కడ పెరగడానికి ఈ బండి కూడా ఒక కారణం.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. దీని మీద కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవని చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టంలో సెక్షన్ 182ఏ చేరింది. అనుమతి లేని మార్పు చేయించిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించారా? స్ప్రింగులు ఒకటి, టైర్లు ఒకటి, బంపర్ ఒకటి.. ఇలా లెక్క కట్టే వీలుంది.

కానీ మీ ఆర్‌సీ తీసి చూడండి. రంగు ఉంటుంది, ఇంజిన్ నంబర్ ఉంటుంది, సీట్లు ఉంటాయి. గ్రౌండ్ క్లియరెన్స్ అనే గడి మాత్రం ఉండదు. అంటే తేడా వచ్చిందని తేల్చాలంటే కంపెనీ స్పెసిఫికేషన్ షీట్ దగ్గర పెట్టుకుని కొలవాలి. రోడ్డు మీద ఆ పని చేసే ఓపిక ఎవరికుంటుంది? అందుకే సౌండ్ వచ్చే సైలెన్సర్, కంటికి కనిపించే బుల్ బార్ దొరికిపోతాయి. బుల్ బార్లు సెక్షన్ 52కు విరుద్ధమని 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు ప్రత్యేకంగా లెటర్ రాసింది. సస్పెన్షన్ గురించి అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. దీంతో రెండు నష్టాలున్నాయి. ప్రమాదకరంగా దించినవాడు తప్పించుకుంటాడు. ఒక అంగుళం, అదీ పద్ధతిగా దించినవాడు కూడా చట్టం ముందు అదే లైన్‌లో నిలబడాలి. నార్త్ కరోలినా లాగా ఒక అంకె, కొలిచే పద్ధతి రాసిపెడితే ఇద్దరికీ క్లారిటీ వచ్చేది.

పట్టుకోవాలనుకుంటే మాత్రం పట్టుకుంటారు. 2024లో కేరళలో ఒక యూట్యూబర్ కారులో స్విమ్మింగ్ పూల్ కట్టి వీడియో పెట్టాడు. రిజిస్ట్రేషన్, లైసెన్స్ రెండిటి మీదా వేటు పడింది, హైకోర్టు కూడా సీరియస్ అయింది. సాక్ష్యం ఎవరో తేవాల్సిన పని లేదు, అప్‌లోడ్ చేసింది అతనే.

అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర

చలాన్ 5 వేలతో పోవచ్చు. ప్రమాదం జరిగాక వచ్చే సర్వేయర్‌తో అంత ఈజీ కాదు. మార్పు సంగతి ముందే కంపెనీకి చెప్పకపోతే సొంత డ్యామేజీ క్లెయిమ్‌కు కొర్రీ పడే ఛాన్స్ ఎక్కువ. ఎదుటివాళ్లకు గాయాలైన కేసుల్లో, పాలసీ షరతు ఉల్లంఘించారని తేలితే బాధితులకు ముందు బీమా కంపెనీతో కట్టించి, తర్వాత ఆ సొమ్మును ఓనర్ నుంచి వసూలు చేసుకోమనే ఆర్డర్లు కూడా కోర్టుల నుంచి వస్తుంటాయి. అది వేలల్లో ఉండదు. కొత్త బండి అయితే సస్పెన్షన్, డ్రైవ్ షాఫ్టుల వారంటీ కూడా వివాదంలో పడుతుంది.

ఈ తలనొప్పి ఎక్కువగా తగిలేది చేయించినవాడికి కాదు, రెండో ఓనర్‌కు. పాత పికప్ కొనే ముందు చిన్న పని చేయండి. బండిని చదునైన చోట, ఖాళీ తొట్టితో నిలబెట్టండి. నాలుగు చక్రాల దగ్గరా నేల నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలవండి. వెనక ఎత్తు ముందు కంటే తగ్గిందంటే కమాన్లు అలసిపోయి ఉండాలి, లేదా ఎవరో చెయ్యి పెట్టి ఉండాలి. తర్వాత వంగి కమాన్ కట్టలో పట్టీలు లెక్కపెట్టి, అదే మోడల్ వేరే బండితో పోల్చండి. యూ బోల్టులు మిగతా అంతా తుప్పు పట్టి అవి మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి. ముందు చక్రాల వెనక ఉన్న రబ్బరు బూట్ల చుట్టూ గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి. చీకటి పడ్డాక గోడకు ఎదురుగా బండి పెట్టి లో బీమ్ వేయండి. వెలుగు గీత లైటు ఎత్తు కంటే పైన పడితే బేరం అక్కడే ఆపండి.