లారీకి లెక్క ఉంది, డ్రైవర్ మజ్దూరీకి ఏదీ?



మన ఇళ్లలో డ్రైవర్ నౌకరీ అంటే సగం గల్ఫ్ మాటే. మామూ రియాద్‌లో ట్రెయిలర్, ఖాలూ దమ్మామ్‌లో ట్యాంకర్, భాయిజాన్ కువైట్‌లో ఇంటి డ్రైవర్. ఈమధ్య ఆ మాటల్లోకి పోలండ్, లిథువేనియా పేర్లు కూడా చేరాయి. ఫోన్‌లో ఏదో ప్రకటన చూపించి "యూరప్‌లో ట్రక్కు నడపడానికి వెళ్లొచ్చా భాయ్?" అని అడిగే నౌజవాన్లు కనిపిస్తున్నారు. వెళ్లొద్దని నేననను. రోజీ-రోటీ కోసం సఫర్ మన ఖాందాన్లకు కొత్త కాదు. కానీ అక్కడి రోడ్ల కానూన్ ఎవరిని చూస్తుందో, ఎవరిని చూడదో తెలుసుకోకుండా దస్తఖత్ పెట్టకండి అంటాను.

ముందు ఆ కానూన్ ఏమిటో సాఫ్‌గా చెప్పుకుందాం. ఒక దేశపు లారీ సరహద్దు దాటి ఇంకో దేశానికి సరుకు తెచ్చింది. దించేశాక, అదే దేశంలో ఒక ఊరి నుంచి మరో ఊరికి లోకల్ సరుకు వేసుకుంటే దాన్ని కేబొటాజ్ అంటారు. చాలా దేశాలు దీన్ని ఆపుతాయి, లేదా లెక్కపెట్టి ఇస్తాయి. సౌదీలో బయటి దేశపు లారీ సరుకు తేవచ్చు, తిరిగి పోతూ తన దేశానికి సరుకు తీసుకుపోవచ్చు. రియాద్ నుంచి జెద్దాకి మాత్రం వేసుకోకూడదు. ఇక్కడ చూసేది డ్రైవర్ ఏ దేశంవాడని కాదు, లారీ నంబర్ ప్లేటు. మన కరీంనగర్ అబ్బాయి ఇకామా, లైసెన్సు పెట్టుకుని సౌదీ ప్లేటు లారీ నడిపితే రియాద్-జెద్దా రూటు జాయిజ్. దుబాయ్ ప్లేటు లారీతో అదే రూటు జుర్మ్.

ఇది ఎక్కడో పరదేశపు వింత కూడా కాదు. మన దగ్గర నేషనల్ పర్మిట్ లారీకీ ఇదే ఉసూల్. బెజవాడ లారీ హైదరాబాద్‌కి లోడు తేవచ్చు, హైదరాబాద్ నుంచి బెజవాడకి తీసుకుపోవచ్చు. హైదరాబాద్ నుంచి వరంగల్‌కి వేసుకోకూడదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక మన లారీవాళ్లకు ఈ తేడా బాగా తెలిసొచ్చింది.

యూరోపియన్ యూనియన్ మధ్యేమార్గం పట్టింది. బయటి నుంచి తెచ్చిన సరుకు దించాక 7 రోజుల్లో 3 లోకల్ ట్రిప్పులు వేసుకోవచ్చు. 2022 ఫిబ్రవరి నుంచి ఇంకో షరతు కలిపారు. ఆ ట్రిప్పులు అయ్యాక 4 రోజుల పాటు అదే లారీ ఆ దేశంలో మళ్లీ లోకల్ సరుకు ముట్టుకోకూడదు.

ఈ హద్దు జుల్మ్ అని నేను అనుకోను. జర్మనీ డ్రైవర్‌ని దుష్మన్‌గా చూడొద్దు. అతనికీ బీవీ-బచ్చే ఉన్నారు. పక్క దేశపు మాలిక్ తక్కువ జీతాల డ్రైవర్లను పెట్టుకుని, తక్కువ కిరాయికి అతని ఊరి సరుకు ఎత్తుకుపోతే అతని పొయ్యి ఆరుతుంది. నా షికాయత్ వేరే. ఈ కానూన్ లారీ ట్రిప్పులను లెక్కపెట్టినంత గట్టిగా, దాన్ని నడిపేవాడి మజ్దూరీని లెక్కపెట్టదు.

కాగితం మీద మజ్దూరీ ఉంది, కాదనను. అదే 2022 ఫిబ్రవరి నుంచి, బయటి కంపెనీ డ్రైవర్ జర్మనీలో లోకల్ సరుకు మోస్తే ఆ రోజులకు జర్మనీ జీతం ఇవ్వాలని నియమం వచ్చింది. వారానికి ఒకసారి తీసుకునే 45 గంటల ఆరామ్ క్యాబిన్‌లో తీసుకోకూడదనీ ఉంది. చదివితే దిల్ ఖుష్ అవుతుంది. మరి రోడ్డు మీద?

2023 మార్చిలో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కి దక్షిణాన, గ్రేఫెన్‌హౌసెన్ అనే హైవే ఆరామ్-గాహ్ దగ్గర 60 మంది దాకా డ్రైవర్లు ట్రక్కులు ఆపేశారు. ఒక పోలండ్ మాలిక్ ట్రక్కులవి. నడిపేవాళ్లు జార్జియా, ఉజ్బెకిస్తాన్, తజికిస్తాన్‌ల నుంచి వచ్చినవాళ్లు. నెలల తరబడి జీతం అందలేదన్నది వాళ్ల షికాయత్. ఆ ఏడాది మన రంజాన్ నెల సరిగ్గా ఆ హర్తాళ్ మధ్యలోనే గడిచింది. ఏప్రిల్‌లో మాలిక్ జీతం డబ్బుతో రాలేదు. ప్రైవేటు సెక్యూరిటీ మనుషులతో, కవచం తొడిగిన బండితో వచ్చాడు. పోలీసులు అడ్డుపడి వాళ్లనే పట్టుకున్నారు. ఏప్రిల్ ఆఖరికి దాదాపు 3 లక్షల యూరోలు డ్రైవర్లకు అందాయి. జూలైలో అదే చోట ఇంకా ఎక్కువమంది, వంద దాటి, మళ్లీ ఆగారు. సెప్టెంబర్‌లో కొందరు అన్నపానాలు మానేసే దాకా వెళ్లారు.

గమనించండి. జీతం నియమం అప్పటికే ఏడాది నుంచి అమల్లో ఉంది. అది ఆ డబ్బు తెచ్చిపెట్టలేదు. ట్రక్కు ఆగితే సరుకు ఆగింది, సరుకు ఆగితే పెద్ద పెద్ద కంపెనీలకు నొప్పి పుట్టింది. అప్పుడే తాళం కదిలింది.

ఎందుకిలా? నాకు తోచిన జవాబు ఒక కాగజ్‌లో ఉంది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చిన డ్రైవర్ సరహద్దులు దాటి ట్రక్కు నడపాలంటే ఒక డ్రైవర్ ధ్రువపత్రం ఉండాలి. దాన్ని ఇప్పించుకునేది కంపెనీ. బండిలో డ్రైవర్ దగ్గరే ఉంటుంది, కానీ కానూన్ ప్రకారం అది కంపెనీ సొత్తు. నౌకరీ పోతే ఆ కాగజ్ కూడా పోతుంది. గల్ఫ్‌లో నాలుగు రోజులు ఉన్నవాళ్లెవరికైనా ఈ వాసన ఎక్కడిదో చెప్పక్కర్లేదు. పేరు యూరప్‌ది, నీడ కఫీల్‌ది. సౌదీ 2021 మార్చిలో కఫాలాని కొంత సడలించి, నౌకరీ మారే వెసులుబాటు ఇచ్చింది. అప్పుడు కూడా ఇంటి డ్రైవర్లను పక్కన పెట్టింది. మన భాయిజాన్‌ల లాంటివాళ్లనే.

అందుకే నా రాయ్ ఇది: లారీకి హద్దు పెట్టే హక్ దేశాలకు ఉంది, పెట్టుకోనివ్వండి. కానీ ఆ కాగజ్ డ్రైవర్ పేరు మీద, డ్రైవర్ సొత్తుగా ఉండాలి. ఒక మాలిక్ జీతం ఎగ్గొడితే అదే కాగజ్‌తో ఇంకో మాలిక్ దగ్గర చేరగలగాలి. రెండోది, జీతం ఎగ్గొట్టిన చోట ఆ సరుకు ఎవరిదో వాళ్లు కూడా జవాబుదారీ కావాలి. మజ్దూరు చెమట గురించి మన హుజూర్ (స) ఏం చెప్పారో మన పిల్లలకు కూడా తెలుసు. ఆ మాట సరహద్దు ఈవలి మాలిక్‌కి ఎంతో, ఆవలి మాలిక్‌కీ అంతే.

ఇక పంపించే అమ్మీ-అబ్బాలకు ఒక మాట. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన దేశాల మన సర్కారు జాబితాలో గల్ఫ్ దేశాలున్నాయి, యూరప్ దేశం ఒక్కటీ లేదు. అంటే ఆ తనిఖీ ఈ దారిలో ఉండదు, మీరే చేసుకోవాలి. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంట్ తీసుకోగల ఫీజు ఎక్కువలో ఎక్కువ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఆపైన అడిగితే ఎందుకని అడగండి. కాంట్రాక్ట్ నౌకరీదా, లేక మిమ్మల్నే సొంత వ్యాపారిగా చూపించే కాగజా? జీతం రోజుకా, గంటకా, కిలోమీటర్‌కా? వేరే దేశంలో లోకల్ సరుకు మోసిన రోజులకు ఆ దేశపు జీతం ఇస్తారని రాసి ఉందా? ఇంటికి రాను-పోను ఖర్చు ఎవరిది? ఈ సవాళ్లకు రాతలో జవాబు వచ్చేదాకా జేవర్ కుదవ పెట్టకండి, కర్జా తేకండి.

ఖుదా హాఫిజ్.