గుడారానికి చోటు

ఢిల్లీ ఎండకు కాగిన మేడ రాత్రి పదకొండు గంటలైనా చల్లారదు. కరోల్ బాగ్ అద్దెగదుల్లో ఉండేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనవసరం లేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేయడానికి వచ్చిన దక్షిణాది కుటుంబాలు ఎంతోకాలంగా నివసిస్తున్న పేట ఇది. 1948లో దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీవారి పాఠశాలలలో ఒకటి దీనికి ఆనుకొని ఉన్న ప్రసాద్ నగర్‌లోనే నడుస్తున్నది. ఇటీవలి దశాబ్దాలలో సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే తెలుగు విద్యార్థులు ఈ చుట్టుపక్కల గదులను నింపివేశారు.

వేసవిలో ప్రిలిమ్స్ ముగిసిన సాయంకాలం అటువంటి ఒక మేడమీద చేరిన నలుగురు మిత్రులను ఊహించుకోవడం కష్టం కాదు. "ఎక్కడికైనా పోదాం" అంటాడు ఒకడు. "కొండలకు" అంటాడు రెండవవాడు. "హోటలు వద్దు, గుడారంలో ఉందాం" అంటాడు మూడవవాడు. నాలుగవవాడు మాత్రం "గుడారం ఎక్కడ వేస్తాం?" అని అడుగుతాడు. మిగిలిన ముగ్గురికీ అది చాదస్తంగా తోస్తుంది. నిజానికి అటువంటి యాత్రలో అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న అదే.

ఎక్కడికి? ఎప్పుడు?

ఢిల్లీ నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణంలో అందుకోదగిన పర్వతారణ్యాలలో హిమాచల్ ప్రదేశ్, కులూ జిల్లాలోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు ఒకటి. 1984లో సంకల్పించి, 1999లో తుది ప్రకటన చేసిన ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 754 చదరపు కిలోమీటర్లు. 2014 జూన్‌లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మంచు చిరుత, కస్తూరి మృగం, హిమాలయన్ తార్ అనే కొండమేక ఇక్కడి నివాసులు. స్థానికులు పక్షులలో రాజుగా భావించి 'జుజురాణా' అని పిలుచుకొనే అరుదైన పక్షికి కూడా ఇదే నెలవు.

కశ్మీరీ గేట్ బస్‌స్టాండులో రాత్రి మనాలి బస్సు ఎక్కి, మండీ దాటిన తరువాత ఔట్ దగ్గర దిగాలి. అక్కడినుంచి లార్జీ, బంజార్‌ల మీదుగా తీర్థన్ నది వెంట గుశైనీ చేరాలి. మోటారు దారికి అక్కడ స్వస్తి చెప్పి, సుమారు పది కిలోమీటర్లు నడిస్తే రోలా అనే విడిది వస్తుంది. అటవీశాఖ అనుమతి లేనిదే ఉద్యానంలో అడుగు పెట్టరాదు. దారి తెలిసిన స్థానికుని వెంట తీసుకొని వెళ్లడం అన్నివిధాలా మంచిది. తరతరాలుగా ఈ అడవిలో గొర్రెలు మేపుకొని, మూలికలు ఏరుకొని బ్రతికిన గ్రామస్థులు 1999 తరువాత ఆ హక్కులను కోల్పోయారు. వారిలో అనేకులు ఇప్పుడు యాత్రికులకు దారి చూపి, బరువులు మోసి జీవిస్తున్నారు. వారికి ఇచ్చే కూలిని వృథా ఖర్చుల పద్దులో వ్రాయడం న్యాయం కాదు.

కాలనిర్ణయం మరింత ముఖ్యం. జూన్ చివరి వారానికి ఋతుపవనాలు హిమాచల్‌ను తాకుతాయి. కనుక మే నెల, జూన్ మొదటి పక్షం అనుకూలం. మళ్లీ సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు వరకు మంచి రోజులు. నడుమనున్న మూడు నెలలూ కొండలను వానకు వదిలిపెట్టడం మేలు. 2023 జూలైలో బియాస్ పొంగినప్పుడు కులూ, మండీ జిల్లాలలో రహదారులు తెగిపోయాయి. ఔట్ వద్ద పాత వంతెన ఒకటి నీటిపాలయింది.

మేడమీది పరీక్ష

సామగ్రికి కరోల్ బాగ్‌లో కొదువ లేదు. లద్దాఖ్ వరకు మోటారు సైకిళ్లపై వెళ్లే సాహసికులు వానకోట్లు, తడి చొరని సంచులు, సామాను బిగించే సాగే తాళ్లు కొనుక్కొనేది ఇక్కడి నాయీవాలా, హర్‌ధ్యాన్ సింగ్ రోడ్డు దుకాణాలలోనే. సోమవారం మాత్రం వెళ్లి ప్రయోజనం లేదు. ఆ రోజు దుకాణాలకు సెలవు.

కొన్న గుడారాన్నైనా, అద్దెకు తెచ్చిన గుడారాన్నైనా కొండమీద మొదటిసారి విప్పరాదు. మేడమీదనే నిలబెట్టి చూడాలి. మేకులు దిగని చోట ఇటుకలు కట్టి, నాలుగు బక్కెట్ల నీళ్లు పైన కుమ్మరిస్తే ఏ కుట్టు కారుతున్నదో తెలిసిపోతుంది. ఒక కడ్డీ తక్కువైతే మరుసటి రోజే దుకాణానికి పరుగెత్తవచ్చు. రోలాలో ఆ సౌకర్యం ఉండదు. సర్దిన వీపుసంచితో మూడంతస్తుల మెట్లు పదిసార్లు ఎక్కి దిగితే సంచిలో అనవసరమైనవి ఏవో వీపే చెబుతుంది.

కొండల్లో ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత ఇంచుమించు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఢిల్లీ ఎత్తు సుమారు 216 మీటర్లు. రోలా ఎత్తు 2,100 మీటర్ల పైచిలుకు. ఆ లెక్కన కరోల్ బాగ్‌లో నిద్రపట్టని రాత్రి అక్కడ ఉన్ని టోపీ కోరుతుంది. మరునాడు షిల్ట్‌కు ఎక్కితే ఎత్తు 3,000 మీటర్లు దాటుతుంది. 2,500 మీటర్లు దాటిన తరువాత తలనొప్పి, వికారం, నిద్రలేమి కనిపిస్తే అది శరీరం చేస్తున్న హెచ్చరిక. అప్పుడు మాత్రలు మింగి పైకి సాగడం కాదు, క్రిందికి దిగడమే మందు.

వంట విషయంలో కూడా ఎత్తు తన మాట చెల్లించుకొంటుంది. మూడు వేల మీటర్ల వద్ద నీరు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు కాచినా పలుకుగానే ఉంటుంది. పెసరపప్పు, అటుకులు, ఉప్మారవ్వ, ఇంటి నుంచి వచ్చిన కందిపొడి, గాజుకు బదులు ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చిన ఆవకాయ ఉంటే తెలుగువాని ఆకలికి లోటు రాదు. అడవి కట్టెలను నమ్ముకోక, చిన్న స్టవ్వు తీసుకొని వెళ్లాలి.

లార్జీ చెప్పిన పాఠం

ఇంతవరకు చెప్పినవన్నీ జాబితాలో వ్రాసుకొనే విషయాలు. జాబితాకు లొంగనిది నది.

గుశైనీకి పోయే దారిలోని లార్జీ ఒక సంగమస్థానం. తీర్థన్, సైంజ్ నదులు అక్కడ బియాస్‌లో కలుస్తాయి. అక్కడే 126 మెగావాట్ల జలవిద్యుత్ పథకానికి చెందిన ఆనకట్ట ఉన్నది. దానికి దిగువన తలౌట్ వద్ద, 2014 జూన్ 8వ తేదీ సాయంకాలం, హైదరాబాదు నుంచి విహారానికి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులు బస్సు దిగి నదిలోని బండల మీదికి నడిచారు. నీరు పలుచగా ప్రవహిస్తున్నది. కొండలు అందంగా ఉన్నాయి. ఫొటోలు తీసుకొంటూ ఉండగా ఆనకట్ట నుంచి విడుదలైన నీరు నిమిషాల వ్యవధిలో వారిని చుట్టుముట్టింది. 24 మంది విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు కొట్టుకొనిపోయారు. మృతదేహాల కోసం వెదుకులాట వారాల తరబడి సాగింది.

హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఆ దుర్ఘటనను తనంతట తానే విచారణకు స్వీకరించి, 2016లో ఒక్కొక్క కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. చిత్రమేమంటే, ఈ లోయల అందాన్ని యునెస్కో ప్రపంచానికి చాటినది కూడా ఆ నెలలోనే.

ఇక్కడ గ్రహించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ఇటువంటి విద్యుత్కేంద్రంలో ఉత్పత్తి తగ్గించినప్పుడు టర్బైన్లకు పోవలసిన నీటిని నదిలోకి వదలవలసి వస్తుంది. దానికి వానతో నిమిత్తం లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్నా నది పెరగవచ్చు. మన గోదావరి, కృష్ణలు పొంగేటప్పుడు గంటల ముందు, ఒక్కొక్కప్పుడు రోజుల ముందు కబురు వస్తుంది. గట్టుమీద నిలిచి నీటిమట్టం గమనిస్తూ పెరిగినవారికి కొండనది స్వభావం కొత్త. అది కబురు పంపదు.

తీర్థన్ మీద అటువంటి పెద్ద ఆనకట్ట లేకపోవచ్చు. కాని ఎగువ లోయలో కురిసిన కుంభవృష్టి, కొండచరియ విరిగి అడ్డుపడి తెగిన నీరు ఆనకట్ట చేసే పనినే చేస్తాయి. ఆ మాటకు వస్తే నీటి దూకుడు కొండలకే పరిమితం కాదు. 2024 జూలై 27న కరోల్ బాగ్ పొరుగునే ఉన్న ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో ఒక శిక్షణాలయపు నేలమాళిగలోకి వాననీరు చొచ్చుకొని వచ్చి ముగ్గురు విద్యార్థులు మరణించారు. రెండు చోట్లా ప్రాణాలు తీసినది ఒక్కటే: నీరు ఎక్కడికి రాగలదో ముందుగా ఆలోచించకపోవడం.

చోటు ఎన్నుకొనే విధం

కనుక విడిది చేరగానే సంచి దింపకముందే నాలుగు వైపులా చూడాలి. పార్కువారు నిర్ణయించిన చోటు ఉంటే అక్కడే ఉండాలి. నీటికి కనీసం 60 మీటర్ల దూరం పాటించాలన్నది అనుభవజ్ఞుల నియమం. ఇది నది శుభ్రతకూ, మనిషి భద్రతకూ కూడా పనికివస్తుంది. అయితే దూరం కంటె ఎత్తు ముఖ్యం. చదునైన ఇసుకతిన్నె వంద మీటర్ల దూరాన ఉన్నా అది నది పరుచుకొన్న పక్కయే. కొమ్మలకు చిక్కుకొన్న ఎండుగడ్డి, వరుసగా పేరుకొన్న పుల్లలు, నున్నని గుండ్రాళ్లు కనిపిస్తే క్రితంసారి నీరు అంతవరకు వచ్చి వెళ్లిందని అర్థం. ఎండిన వాగు గర్భంలోనూ, రాళ్లు దొర్లే వాలు క్రిందనూ, ఎండిపోయిన చెట్టు నీడనూ గుడారం వేయరాదు.

రాత్రి నది రంగు మారినా, ఆకులు, కొమ్మలు కొట్టుకొని వస్తున్నా, దూరాన లారీల బారు కదిలినట్లు ఘోష వినిపించినా ఆలోచించడానికి వ్యవధి లేదు. నీరు హఠాత్తుగా తగ్గడం కూడా ప్రమాద సూచనయే. ఎగువన ఎక్కడో అడ్డుకట్ట పడి ఉండవచ్చు. సామాను వదలి పైకి ఎక్కాలి. ఎటు ఎక్కాలో పగటి వెలుగులోనే నిర్ణయించుకొని ఉండాలి. సంచీలు పోతే కరోల్ బాగ్‌లో మళ్లీ దొరుకుతాయి.

ఇంటి వద్ద వదలవలసిన కాగితం

చివరి ఏర్పాటు అన్నిటికంటె చవకైనది. లోయలోపల ఫోను పలకదు. అందువల్ల వెళ్లేవారి పేర్లు, దారి, ప్రతి రాత్రి బస, దారి చూపే మనిషి ఫోను నంబరు, తిరిగి రావలసిన తేదీ ఒక కాగితంమీద వ్రాసి ఇంటి యజమానికి ఇవ్వాలి. మరొక ప్రతి ఊళ్లోని తల్లిదండ్రులకు పంపాలి. "ఫలానా రాత్రివరకు మా కబురు లేకపోతే 112కు ఫోను చేయండి" అన్న వాక్యం చదివి తల్లి కంగారుపడవచ్చు. ఏమీ తెలియని కంగారు కంటె అది మేలు.

అనుకొన్న రోజులకు మరొక రోజు అదనంగా చేర్చుకోవడం కూడా మరువరాదు. తొందరలో ఉన్నవాడు వాన వచ్చినా ముందుకు సాగుతాడు. చేతిలో ఒక రోజు మిగిలి ఉన్నవాడు ఆగుతాడు. 

ఇవన్నీ తెలుసుకొన్న తరువాత మేడమీది ఆ నాలుగవ మిత్రుని ప్రశ్న ఎవరికీ చాదస్తంగా తోచదు. రోలా చేరిన సాయంకాలం వారు నది ప్రక్క పచ్చికను చూసి ముచ్చటపడి, అయినా పైనున్న మెరకకే పోతారు. టీ కాచుకోవడానికి బిందె పట్టుకొని అంత దూరం దిగి ఎక్కవలసి వచ్చినందుకు ఒకడు విసుక్కొంటాడు. విసుక్కోనివ్వండి. గుడారం నుంచి మనిషి నీటి దగ్గరకు నడిచి వెళ్లాలి. నీరు గుడారం దగ్గరకు నడిచి రాకూడదు.