కొల్లేరు కుడి కిటికీలో ఉంది

ఉండి, ఆకివీడు వైపు రొయ్యల బేరం తెలిసినవాళ్లకి ఒక సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ముప్ఫై కౌంట్ అంటే కిలోకి ముప్ఫై రొయ్యలు, వంద కౌంట్ అంటే వంద. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిక్కిపోతుంది, రేటు దిగిపోతుంది. చెరువు గట్టు మీద ఇంత లెక్క నడిచే ఇంట్లో పుట్టిన కుర్రాడు భీమవరంలోనో ఏలూరులోనో కంప్యూటర్ షాపు మెట్లెక్కగానే ఆ లెక్కంతా మర్చిపోతాడు. అట్టపెట్టె మీద అంకె ఎంత పెద్దదైతే సరుకు అంత మంచిదనుకుంటాడు. "ఇది నూట నలభై నాలుగు హెర్ట్జండీ, అది రెండొందల నలభై. ఆయ్, కాస్త ఎక్కువైనా అదే పట్టుకెళ్లండి" అంటాడు షాపాయన. పట్టుకెళ్తాడు.

సాయంత్రం స్నేహితులతో వాలొరెంట్ మాత్రమే ఆడేవాడైతే షాపాయన మాట తప్పేం కాదు. ఆ ఆట ఓ మోస్తరు కంప్యూటర్ మీద కూడా సెకనుకి వందల ఫ్రేములు పరిగెడుతుంది. తెర ఎంత చురుగ్గా ఉంటే మూల మీద నక్కిన ప్రత్యర్థి అంత ముందు కనిపిస్తాడు. చిక్కంతా అదే కంప్యూటర్ మీద రాత్రి పదింటికి విమానం ఎక్కేవాడితో వస్తుంది. వాడికి హెర్ట్జ్, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్నది, మూడోదో నాలుగోదో ప్రశ్న అవుతుంది. మొదటి ప్రశ్న, కొల్లేరు ఎటువైపు ఉంది అన్నది.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుంచీ ఉంది. గోదావరి జిల్లాల వాళ్లకి మాత్రం అది 2020 ఆగస్టు 18నే పుట్టిందనుకోవచ్చు. అంతకుముందు ఎడిషన్లలో డెల్టా మొత్తం ఒకేరకం పచ్చగుడ్డ పరిచినట్టుండేది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరపు అసోబో స్టూడియో తయారుచేసిన 2020 ఎడిషన్ బింగ్ మ్యాప్స్ ఉపగ్రహ చిత్రాల్ని నేల మీద పరిచింది. దాంతో కాలవలు కాలవల్లా, చేపల చెరువులు చెరువుల్లా వచ్చాయి. 2024 నవంబరు 19న వచ్చిన తర్వాతి ఎడిషన్‌దీ అదే దారి. ఎక్స్‌ప్లేన్ 12లో విమానం నడక బాగుంటుందనే వాళ్లున్నారు గానీ, అందులో మన ఊరు మన ఊరిలా కనిపించాలంటే ఉపగ్రహ చిత్రాలు విడిగా తెచ్చి అతికించుకోవాలి.

ఇప్పుడు గన్నవరంలో ఓ సెస్నా 172 లేపి రాజమండ్రి దగ్గర మధురపూడిలో దించాలనుకుందాం. తిన్నగా గీత గీస్తే నూట పాతిక కిలోమీటర్లు, ముప్పావుగంట లోపు ప్రయాణం. ఆ గీత దాదాపు ఏలూరు నెత్తి మీంచే పోతుంది. విమానం ముక్కు ఈశాన్యానికి ఉంటుంది కాబట్టి కొల్లేరు కుడిచేతి వైపు పడుతుంది. బయల్దేరినప్పుడు సరస్సు నడిబొడ్డు ముక్కుకి ఓ పదిహేడు డిగ్రీలు కుడిగా ఉంటుంది, అంటే ఎదురుగానే ఉన్నట్టు. పది, పన్నెండు నిమిషాల్లో ఏలూరు మీదికొచ్చేసరికి అది డెబ్బై డిగ్రీలు దాటి కుడి భుజం పక్కకి జారిపోతుంది. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు, 2006లో గట్లు తెగ్గొట్టిన చెరువుల ఆనవాళ్లు, కొల్లేటి నీటిని సముద్రానికి మోసుకెళ్లే ఉప్పుటేరు మెలికలు, ఈ కుర్రాడు విమానం ఎక్కిందే వీటి కోసం. అన్నీ పక్క కిటికీలో ఉన్నాయి.

బల్ల మీద తెరకీ కంటికీ మధ్య అరవై సెంటీమీటర్లుంటే 24 అంగుళాల మానిటర్ కంటి ముందు నలభై ఎనిమిది డిగ్రీల మేరే ఆక్రమిస్తుంది. ముక్కుకి అటు ఇరవై నాలుగు, ఇటు ఇరవై నాలుగు. 27 అంగుళాలైతే యాభై మూడు, 34 అంగుళాల అల్ట్రావైడ్ అయితే అరవై ఏడు. 49 అంగుళాల సూపర్ అల్ట్రావైడ్ కొన్నా తొంభై చిల్లర, అంటే కుడివైపు నలభై ఐదుకి కాస్త పైన. ఏలూరు మీద కొల్లేరు డెబ్బై దగ్గరుంది! లక్ష పోసి కొన్న తెరలో కూడా సరస్సు పడదు. జూమ్ తగ్గిస్తే ఇంకా వెడల్పు కనిపిస్తుందిగా అంటారు. కనిపిస్తుంది, కానీ అన్నీ చిన్నవైపోతాయి. రన్‌వే దారప్పోగులా సన్నబడి, దిగేటప్పుడు ఎత్తు అంచనా తప్పుతుంది.

మూడు 27 అంగుళాల తెరలు కాస్త వంచి పక్కపక్కన పెడితే సరిపోతుంది, నూట అరవై డిగ్రీల దాకా వస్తుంది. కానీ మూడు తెరల బరువు ఒకే గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, ఇంట్లో ఓ గోడ మొత్తం వాటికే పోతుంది. అమ్మ ఊరుకోదు.

దీనికి దాదాపు ఖర్చు లేని విరుగుడు ఒకటుంది. దాన్ని ఏ షాపులోనూ అమ్మరు కాబట్టే ఎవరూ చెప్పరు. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు వెబ్‌క్యామ్‌తో తల కదలికని పట్టుకుంటుంది. తల పది డిగ్రీలు కుడికి తిప్పితే చాలు, కాక్‌పిట్‌లో చూపు అరవై, డెబ్బై డిగ్రీలు తిరుగుతుంది. కళ్లు తెర మీదే ఉంటాయి. ట్రాక్‌ఐఆర్ అని ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో పనిచేసే ఖరీదైన పరికరం ఇంకా నికరంగా పనిచేస్తుంది, అయినా మొదట వెబ్‌క్యామ్‌తో చూసుకోవచ్చు. రెండు రోజులు మెడ అలవాటు పడదు, తల కాస్త దిమ్మెక్కుతుంది, మూడో రోజుకి పడవలో కూర్చుని పక్కకి చూసినంత మామూలైపోతుంది. తెర వెడల్పు కోసం పోయాల్సిన డబ్బులో సగం ఇక్కడే మిగులుతుంది.

ఇక ఆ హెర్ట్జ్ సంగతి. విమానంలో ఫ్రేములు రావు. ఇది నిష్ఠూరంగా ఉన్నా నిజం. రద్దీ విమానాశ్రయంలో, మబ్బుల్లో, మంచి కార్డు మీద కూడా నలభై, యాభై ఫ్రేములొస్తే గొప్ప. చాలాసార్లు అడ్డం పడేది గ్రాఫిక్స్ కార్డు కూడా కాదు, ప్రాసెసర్. మొత్తం పనిలో పెద్ద వాటా ఒకే కోర్ మీద పడుతుంది. 2022లో ఏఎమ్‌డీ 96 మెగాబైట్ల క్యాష్‌తో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ సిమ్యులేటర్ వాళ్లకి అంత ముద్దొచ్చింది అందుకే. 240 హెర్ట్జ్ తెర ముందు నలభై ఫ్రేముల విమానం నడపడమంటే పది ఏరేటర్లు తిప్పి నాలుగు కిలోల రొయ్య పెంచడమే. ఆ తేడా సొమ్ము ప్రాసెసర్ మీద పెడితే కొల్లేరు మీద మబ్బులు సాఫీగా కదులుతాయి.

అలాగని పాత 60 హెర్ట్జ్ తెర చాలనుకోవడం కూడా పొరపాటే, దాని కారణం వేరు. ఫ్రేములు వచ్చే వేగానికి తగ్గట్టు తెర తన వేగాన్ని మార్చుకోవడాన్ని ఎన్విడియా వాళ్లు 2013లో జీ-సింక్ పేరుతో తెచ్చారు, ఏఎమ్‌డీ వాళ్లది ఫ్రీసింక్. 2019 జనవరి నుంచి ఎన్విడియా కార్డులు కూడా చాలా ఫ్రీసింక్ తెరలతో కలిసిపోతున్నాయి. ఐతే ఈ ఏర్పాటుకి ఓ కింది హద్దుంటుంది, మామూలుగా 48 దగ్గర. విమానం నలభైకి పడిందంటే ఆ హద్దు కిందికి జారినట్టే. 48 నుంచి 144 వరకు పనిచేసే తెరైతే నలభై ఫ్రేముల్ని రెట్టింపు చేసి ఎనభైగా చూపించి హద్దులోనే ఉంచుతుంది. 48 నుంచి 75 వరకే ఉన్న చౌక తెరకి ఆ వీలు లేదు, ఎనభై దాని పైహద్దు దాటిపోతుంది. దాంతో బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపిస్తుంది, లేదా కుదుపులొస్తాయి. అంటే 144 హెర్ట్జ్ విమానానికి పనికొచ్చేది వేగం కోసం కాదు, నెమ్మది కోసం. ఫ్రేములు కట్టడి చేసి నడుపుదామన్నా 144ని నాలుగుతో భాగిస్తే 36, మూడుతో భాగిస్తే 48 వస్తాయి. 60ని భాగిస్తే పనికొచ్చేది 30 ఒక్కటే. పెట్టె మీద కనపడని ఆ కింది హద్దు అంకె షాపులో అడిగేవాళ్లు అరుదు.

పిక్సెళ్ల దగ్గర పిసినారితనం పనికిరాదు, దుబారా అసలే పనికిరాదు. 24 అంగుళాల్లో 1080పి అంటే అంగుళానికి 92 పిక్సెళ్లు. అదే 1080పిని 27 అంగుళాలకి సాగదీస్తే 82కి పడిపోతుంది, కాక్‌పిట్‌లో గార్మిన్ తెర మీది చిన్న అంకెలు 3కీ 8కీ తేడా లేకుండా అలుక్కుపోతాయి. పెద్దదీ చవకదీ అని షాపుల్లో ముందుకి తోసేది సరిగ్గా ఈ సరుకునే. 27 అంగుళాల్లో 1440పి అయితే 109, అక్షరం తీరుగా ఉంటుంది. 4కె ఇంకా అందం, కాదనలేం. కాకపోతే 1080పిలో ఇరవై లక్షల పిక్సెళ్లుంటే 1440పిలో ముప్ఫై ఏడు లక్షలు, 4కెలో ఎనభై మూడు లక్షలు. ప్రతి ఫ్రేముకీ అన్నీ గీయాల్సింది కార్డే. ఆర్‌టీఎక్స్ 3060, 4060 తరగతి కార్డున్నవాడు 4కె తెర కొనడం అరెకరం చెరువులో ఐదెకరాల పిల్ల వదలడం లాంటిది. తక్కువ పిక్సెళ్లు గీసి పెద్దది చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టుకుంటే నెట్టుకురావచ్చంటారు. నేల, మబ్బులు బాగానే ఉంటాయి గానీ కదిలే అంకెల వెనక నీడలు పడతాయి, పైలట్ చూసేది ఆ అంకెల్నే.

తెర లోపలి ప్యానెల్ రకం విషయంలో ఈ రెండు రకాల ఆటలకీ పొసగదు. వీఏ ప్యానెల్‌కి వెలుగు-చీకటి తేడా మూడువేలకి ఒకటి పైన, ఐపీఎస్‌కి వెయ్యికి ఒకటి దరిదాపు. రాత్రిపూట గన్నవరంలో దిగేటప్పుడు నల్లటి ఆకాశం వీఏలో నల్లగా ఉంటుంది, ఐపీఎస్‌లో బూడిద పూసినట్టుంటుంది. అదే వీఏలో వాలొరెంట్ చీకటి మూలలు కదిలితే మరకలా సాగుతాయి. రోజుకి రెండు గంటలు ఆ ఆట, వారానికి రెండు రాత్రులు విమానం అయితే ఐపీఎస్ తీసుకుని రాత్రి బూడిదని భరించడం మేలు. ఓఎల్‌ఈడీ రెండిటినీ మించినదే, కానీ కదలని బొమ్మ గంటల తరబడి ఉంటే దాని ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి మూడున్నర గంటలు ఆటోపైలట్ పెట్టి, కాక్‌పిట్ ప్యానెల్ కదలకుండా తెర మీద వదిలేసి భోజనానికి లేచే అలవాటున్నవాళ్లకి అది సరిపడదు. పెట్టె మీది 1 మిల్లీసెకను, హెచ్‌డీఆర్ 400 స్టిక్కర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మొదటిది ఎలా కొలిచారన్నది కంపెనీ ఇష్టం, రెండోది నిజమైన హెచ్‌డీఆర్‌కి తొలి మెట్టు కూడా సరిగ్గా కాదు.

34 అంగుళాల అల్ట్రావైడ్ మీద మనసున్నవాళ్లకి ఈమధ్య ఓ మంచి జరిగింది. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల వరకు మానిటర్ల మీద జీఎస్టీ 18 శాతం, అది దాటితే 28 శాతం ఉండేది. రెండంగుళాలు ఎక్కువైనందుకు పది శాతం పన్ను! విలాసవస్తువు కొలత అంగుళాల్లో ఎవరు తేల్చారో గానీ, 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ 18 శాతమే అయింది. పన్ను లేకుండా ముప్ఫైవేలున్న తెర మీద మూడువేలు తగ్గినట్టు. కార్డు గట్టిదై, బల్ల లోతు ఉంటే ఇప్పుడు దాన్ని కొనొచ్చు. 49 అంగుళాలది మాత్రం అడ్డంగా దాదాపు నూట ఇరవై సెంటీమీటర్లు, మన ఇళ్లలో ఉండే నాలుగడుగుల బల్ల నూట ఇరవై రెండు. స్పీకర్లు కింద పెట్టుకోవాలి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రేటు తక్కువని బస్సెక్కి వెళ్లి తెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెర విషయంలో ఆ ఆదా అనుమానమే. చచ్చిన పిక్సెల్ ఒకటి కనిపిస్తే మళ్లీ అంత దూరం మోసుకెళ్లాలి, కంపెనీ ఎన్ని పిక్సెళ్లు పోతే మారుస్తుందో ముందే అడగాలి. భీమవరంలో ఐదొందలు ఎక్కువిచ్చినా షాపులోనే తెర వెలిగించి, తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటే నిండుగా పెట్టి చూసి తెచ్చుకోవచ్చు.

ఇంటికొచ్చాక కూడా ఓ తిరకాసుంది. 144 హెర్ట్జ్ తెర కొని, ఇంట్లో పడున్న పాత హెచ్‌డీఎమ్‌ఐ తీగ తగిలించి, విండోస్‌లో 60 దగ్గరే వదిలేసి ఏడాది గడిపినవాళ్లు తక్కువేం కాదు. డిస్‌ప్లేపోర్ట్ తీగ పెట్టెలోనే ఉంటే దాన్నే వాడాలి. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి అంకె మార్చాలి, తెర సొంత మెనూలో ఫ్రీసింక్ ఆన్ చేయాలి. ఈ మూడూ చేయని తెర, పెట్టె మీద ఏ అంకె ఉన్నా, పాత తెరే.

అదయ్యాక గన్నవరం. ఏలూరు మీదికి రాగానే తల కాస్త కుడికి తిప్పాలి. ఆ తర్వాత తాడేపల్లిగూడెం కూడా అదే కిటికీలో పది కిలోమీటర్ల దూరాన వస్తుంది, రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే ఉన్న ఊరు. మధురపూడి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇవన్నీ ఎడమకి మారతాయి. వెబ్‌క్యామ్ తెరకి సరిగ్గా నడిమధ్య పెట్టనివాళ్లకి ఓ వైపు చూపు కొంచెం తక్కువ తిరగొచ్చు.