‘కల్కి’ రెండో భాగం: ఎదురుచూపు ఖరీదు ఎవరు కడుతున్నారు?

2024 జూన్ 27న థియేటర్లకు వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ మూడు గంటల పాటు నడిచి, కథ తేలకుండానే ముగిసింది. సుమతి కడుపులోని బిడ్డ పుట్టలేదు. సుప్రీమ్ యాస్కిన్ అప్పుడప్పుడే బలం పుంజుకున్నాడు. భైరవ ఎవరో ప్రేక్షకుడికి తెలిసింది కానీ భైరవకే ఇంకా సరిగ్గా తెలియలేదు. కథ ముందుకు సాగుతుందన్న మాటతో ఇంటికి పంపేశారు. 2025 ముగిసే నాటికి కూడా రెండో భాగానికి విడుదల తేదీ లేదు. ఈలోగా ప్రేక్షకుడికి అందిన పెద్ద కబురు ఒక్కటే: సుమతిగా నటించిన దీపికా పదుకోణ్ ఇక ఈ సినిమాలో ఉండరు.

ఆ మాట 2025 సెప్టెంబర్ 18న వైజయంతీ మూవీస్ స్వయంగా చెప్పింది. బాగా ఆలోచించాకే విడిపోవాలని నిర్ణయించామని, మొదటి సినిమా కోసం కలిసి ఎంతో దూరం వచ్చినా భాగస్వామ్యం కుదరలేదని, ఇలాంటి సినిమాకు గట్టి నిబద్ధత అవసరమని ఆ ప్రకటన సారాంశం. పని గంటల గురించి, పారితోషికం గురించి, వెంట వచ్చే సిబ్బంది గురించి మీడియాలో చాలా కథనాలు వచ్చాయి. నిర్మాణ సంస్థ మాత్రం ఆ లెక్కలేవీ బయటపెట్టలేదు. ‘నిబద్ధత’ అన్న ఒక్క మాట వదిలింది. ఆ ఒక్క మాటే మిగతా చర్చంతటికీ సరిపోయింది.

మామూలుగా అయితే హీరోయిన్ మారడం తెలుగు సినిమాకు పెద్ద వార్త కాదు. సీక్వెల్ వచ్చేసరికి హీరోయిన్ మారిపోవడం, మొదటి భాగంలోని అమ్మాయి ఏమైందో ఎవరూ అడగకపోవడం మనకు అలవాటే. కానీ ‘కల్కి’లో అలా కుదరదు. కథ మొత్తం వేలాడుతున్నది ఆ పాత్ర మీదే.

గర్భం చుట్టూ అల్లిన కథ

కల్కి పురాణంలో విష్ణువు పదో అవతారానికి తల్లి పేరు సుమతి, తండ్రి విష్ణుయశుడు, ఊరు శంభల. దర్శకుడు నాగ్ అశ్విన్ ఈ మూడింట్లో తల్లినీ ఊరినీ తీసుకుని, వాటిని ఎండిపోయిన కాశీ నగరానికీ, దాని పైన ఆకాశంలో తలకిందులుగా వేలాడే పిరమిడ్ లాంటి ‘కాంప్లెక్స్’కూ ముడిపెట్టారు. ఆ కాంప్లెక్స్‌లో ఆడవాళ్లు ప్రయోగశాల వస్తువులు. వాళ్ల గర్భాల నుంచి ఒక సీరం తీస్తారు, ఆ క్రమంలో వాళ్లు చనిపోతారు. సుమతికి అక్కడ పేరు కూడా లేదు, ‘సమ్-80’ అనే నంబరే ఉంది.

ఈ కథలో అన్నిటికంటే గట్టి ఆలోచన అశ్వత్థామది. కురుక్షేత్రం చివర్లో ఉత్తర గర్భంలోని బిడ్డ మీద బ్రహ్మాస్త్రం వేసి కృష్ణుడి శాపానికి గురైనవాడు అశ్వత్థామ. అదే మనిషిని ఆరు వేల ఏళ్ల తర్వాత మరో గర్భానికి కాపలా పెట్టడం ఈ సినిమా చేసిన పని. చేసిన పాపానికి సరిగ్గా అదే రూపంలో ప్రాయశ్చిత్తం. ఎనభై దాటిన అమితాబ్ బచ్చన్ ఆ పాత్రలో నిలబడ్డ తీరు గురించి సినిమా నచ్చనివాళ్లు కూడా మంచిగానే మాట్లాడారు. మొదటి గంట సాగదీతగా ఉందని, భైరవ హాస్యం అతకలేదని విమర్శలొచ్చాయి. అవి న్యాయమైనవే. కానీ రెండో భాగం కోసం ఎదురుచూసేవాళ్లలో చాలామందిని పట్టి ఉంచింది యుద్ధాల కంటే ఈ ఇద్దరి బంధమే అనుకోవడానికి కారణముంది: తేలాల్సిన ప్రశ్నలన్నీ అక్కడే ఉన్నాయి.

కాబట్టి సుమతి ముఖం మారితే ఏమవుతుందన్నది గాసిప్ కాదు, కథ నిర్మాణానికి సంబంధించిన ప్రశ్న. ప్రపంచంలో దీనికి ముందు ఉదాహరణలు లేకపోలేదు. హ్యారీ పాటర్ సినిమాల్లో డంబుల్డోర్‌గా వేసిన రిచర్డ్ హారిస్ 2002లో చనిపోతే, మూడో సినిమా నుంచి మైఖేల్ గాంబన్ వచ్చారు. ప్రేక్షకులు కొన్నాళ్లు గొణిగి ఒప్పుకున్నారు. అయితే అక్కడ మరణం కారణం, పైగా తెల్లటి గడ్డం సాయం చేసింది. ఇక్కడ రెండు భాగాల మధ్య కథలో కాలం పెద్దగా గడవకూడదు, ఎందుకంటే ఆమె గర్భిణి. మొదటి భాగం విడుదలైన రోజుల్లోనే రెండో భాగంలో కొంత చిత్రీకరణ అయిపోయిందని నిర్మాతలు చెప్పారు. అందులో సుమతి ఉన్న సన్నివేశాలేమైనా ఉంటే వాటి గతి ఏమిటో తేలాలి. ఫాంటసీకి ఒక వెసులుబాటు ఉంది: రూపం మారడాన్ని కథలోనే కలిపేయొచ్చు. యాస్కిన్ రూపాన్ని ఇప్పటికే అలా మార్చారు కూడా. కానీ తల్లి విషయంలో అదే కిటుకు వాడితే ప్రేక్షకుడు దాన్ని కథగా చూస్తాడా, సర్దుబాటుగా చూస్తాడా అన్నది వేరే సంగతి.

ఒక టికెట్‌కు ఒక కథ ఉండే రోజులు

తెలుగువాళ్లకు ఫాంటసీ కొత్త కాదు. ‘పాతాళ భైరవి’ 1951లో, ‘మాయాబజార్’ 1957లో వచ్చాయి. ఇదే వైజయంతీ సంస్థ 1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ తీసింది. ఆ మరుసటి ఏడాది సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో టైమ్ మెషీన్ ఎక్కించి కృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ తీసుకెళ్లి, మళ్లీ క్షేమంగా ఇంటి దగ్గర దింపారు. వీటన్నిటిలో ఒక సామ్యం ఉంది. టికెట్ కొన్నవాడికి ముగింపు కూడా ఆ టికెట్‌లోనే దొరికేది. (‘ఆదిత్య’కు కొనసాగింపు తీస్తామన్న మాట దశాబ్దాలుగా మాటగానే ఉండటం వేరే కథ. ‘కల్కి’ మొదటి భాగానికి మార్గదర్శకుడిగా ఉన్నదీ ఆ సింగీతమే.)

ఆ పద్ధతిని మార్చింది ‘బాహుబలి’. 2015 జూలై 10న మొదటి భాగం కట్టప్ప కత్తిపోటుతో ఆగింది. ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు’ అన్న ప్రశ్న దాదాపు రెండేళ్లు దేశమంతా తిరిగింది. పైసా ఖర్చు లేని ప్రచారం అది. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేసరికి, హిందీ మార్కెట్లో డబ్బింగ్ సినిమాకు అంత స్థాయి ఉంటుందని అంతకుముందు ఎవరూ ఊహించనంత వసూలైంది. ఆ తర్వాత ‘కేజీఎఫ్’, ‘పుష్ప’ అదే బాట పట్టి గెలిచాయి.

ఇక్కడ ఒక తేడా మరుగున పడింది. ‘బాహుబలి’ రెండు భాగాలకూ కథ ముందే ఉంది, మొదటి భాగం తీస్తున్నప్పుడే రెండోదీ పట్టాల మీద ఉంది. మణిరత్నం ‘పొన్నియిన్ సెల్వన్’ ఇంకా పకడ్బందీగా 2022 సెప్టెంబర్ 30న మొదటిదీ, ఏడు నెలలు తిరక్కుండా 2023 ఏప్రిల్ 28న రెండోదీ విడుదల చేసింది. మిగతా చాలామంది ఆ క్రమశిక్షణ వదిలి ఆకారం మాత్రం తీసుకున్నారు. ‘బ్రహ్మాస్త్ర’ మొదటి భాగం 2022 సెప్టెంబర్ 9న వచ్చింది, దర్శకుడు అయాన్ ముఖర్జీ ఈలోగా ‘వార్ 2’ తీసి విడుదల చేసేశారు. 2023 డిసెంబర్‌లో ఆగిన ‘సలార్’ కథ అక్కడే ఉంది. ‘దేవర’దీ అంతే. ‘సలార్’, ‘కల్కి’ రెండింట్లోనూ హీరో ప్రభాసే. ఆయన చేతిలో ‘ఫౌజీ’, ‘స్పిరిట్’ కూడా ఉన్నాయి. అంటే రెండు సగం కథలు ఒకే మనిషి కాల్షీట్ల కోసం ఒకే వరుసలో నిలబడ్డాయి.

పెట్టుబడి వైపు నుంచి చూస్తే ‘పార్ట్ వన్’ తెలివైన ఏర్పాటే. ఒకసారి వేసిన సెట్లు, డిజైన్ చేసిన ప్రపంచం, తయారైన వీఎఫ్ఎక్స్ నమూనాలు రెండు సినిమాలకు పనికొస్తాయి. ‘కల్కి’కి దాదాపు 600 కోట్ల రూపాయల ఖర్చయిందని అప్పట్లో వార్తలొచ్చాయి. వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించారు. అంత ఖర్చును ఒక్క సినిమా మీద రాబట్టడం కంటే రెండింటి మీద పంచుకోవడం సులువు. యాభై ఏళ్ల చరిత్ర ఉన్నా వైజయంతీ కుటుంబం నడిపే సంస్థే, వెనక అంతర్జాతీయ స్టూడియో ఖజానా లేదు. ఆ సాహసాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే ఈ ఏర్పాటులో ప్రేక్షకుడు కూడా, తనకు తెలియకుండానే, మదుపరి అయ్యాడు.

పెంచిన ధరకు సగం కథ

‘కల్కి’ విడుదలప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఎనిమిది రోజుల పాటు మామూలు థియేటర్లలో 70 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 100 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతించింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడే గద్దెనెక్కిన కొత్త ప్రభుత్వం కూడా పెంపునకు ఒప్పుకుంది. భారీ ఖర్చు అన్నది రెండు చోట్లా చెప్పిన కారణం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ ఖర్చులో కొంత రెండో భాగానికి కూడా ఉపయోగపడేదే అయితే, ఆ రెండో భాగానికి మళ్లీ పెంపు అడిగినప్పుడు ప్రభుత్వాలు ఏ లెక్క చూస్తాయి? ఇప్పటివరకు జీవోల్లో అలాంటి ప్రశ్న కనబడదు.

‘పుష్ప 2’ తర్వాత ఈ వ్యవహారం సున్నితంగా మారింది. 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రీమియర్‌కు తెలంగాణలో టికెట్ మీద 800 రూపాయల పెంపు ఇచ్చారు. అదే రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావు అంచుల దాకా వెళ్లాడు. సీక్వెల్ కోసం మూడేళ్లు పెంచి పోషించిన ఆత్రుత ఒక ఇరుకు గేటు దగ్గర ఒక్కసారిగా చేరితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. ఇక బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో చెప్పారు. ఆ మాట నెల తిరక్కుండానే సడలింది. 2025 జనవరిలో ‘గేమ్ ఛేంజర్’కు అనుమతి ఇచ్చి, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకున్నారు. సెప్టెంబర్‌లో ‘ఓజీ’ విషయంలోనూ పెంపు, కోర్టు, స్టే అదే వరుసలో జరిగాయి. ‘కల్కి’ రెండో భాగం వచ్చే నాటికి ఒక స్థిరమైన నిబంధన ఉంటుందని నమ్మడానికి ఈ చరిత్ర ఆధారం ఇవ్వదు.

అభిమానుల కంటే ఆత్రంగా ఎదురుచూసే వర్గం ఇంకొకటి ఉంది. 2024 మేలో, అంటే ‘కల్కి’కి నెలన్నర ముందు, తెలంగాణలో సింగిల్ స్క్రీన్ యజమానులు జనం రాక పది రోజులు హాళ్లు మూసేయాలని నిర్ణయించారు. ఎన్నికలు, ఐపీఎల్, వేసవిలో పెద్ద సినిమా లేకపోవడం కలిసొచ్చాయి. నిజానికి ఆ మే 9న రావాల్సింది ‘కల్కి’యే. మే 13 పోలింగ్ కారణంగా జూన్ ఆఖరుకు జరిగింది. ఒక్క సినిమా ఏడు వారాలు వాయిదా పడితే మండల కేంద్రంలోని హాలుకు తాళం పడే స్థితి ఇది. 2025 మేలో అద్దెల బదులు వసూళ్లలో వాటా కావాలని ఎగ్జిబిటర్లు గొంతెత్తిందీ ఈ కారణానికే. ఏడాదికి రెండు మూడు భారీ సినిమాల మీద బతికే హాలుకు, తేదీ లేని సీక్వెల్ అంటే వసూలు తేదీ తెలియని బాకీ.

గంటల లెక్క

దీపిక విషయానికి మళ్లీ రావాలి. 2024 సెప్టెంబర్‌లో ఆమెకు పాప పుట్టింది. ‘కల్కి’ ప్రచార వేడుకకు ఆమె గర్భిణిగానే వచ్చారు. ఆ తర్వాత ఎనిమిది గంటల పని అన్న చర్చ ‘స్పిరిట్’ నుంచి ఆమె తప్పుకున్నారన్న వార్తలతో మొదలై, ‘కల్కి’ ప్రకటనతో పెరిగింది. మగ సూపర్‌స్టార్లు చాలామంది ఏళ్లుగా ఎనిమిది గంటలే పనిచేస్తున్నా అది ఎప్పుడూ వార్త కాలేదని అక్టోబర్‌లో ఆమె ఒక ఇంటర్వ్యూలో అన్నారు. ఈ వాదనకు రెండో వైపు కూడా ఉంది. వందలమంది, భారీ సెట్, అద్దెకు తెచ్చిన పరికరాలు ఉన్నచోట ఒక నటుడు ఎనిమిది గంటలకే వెళ్లిపోతే రోజులు పెరుగుతాయి, రోజులు పెరిగితే వడ్డీ పెరుగుతుంది. నిర్మాతకు అది నిజమైన భయమే.

కానీ ఆ వడ్డీ లెక్క ఒక్క నటి దగ్గరే గుర్తుకు రావడం వింత. తేదీలు దొరక్క ఏళ్లు ఆగే సినిమాల్లో ఆగేది ఎక్కువగా హీరో కోసమే. దాన్ని ఎవరూ నిబద్ధత లోపం అనరు, ‘బిజీ షెడ్యూల్’ అంటారు. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు 18 రోజులు సమ్మె చేసినప్పుడు కూడా ఖర్చు పెరిగిపోతోందన్నదే నిర్మాతల వాదన. సెట్ వేసేవాడు, లైట్ మోసేవాడు, జూనియర్ ఆర్టిస్టు, వీళ్లెవరికీ ‘యూనివర్స్’లో వాటా ఉండదు. సీక్వెల్ ఆగితే వాళ్లకు ఆగేది ఆ నెల కూలి.

ఇక రెండో భాగం మొదలవ్వాలంటే ప్రభాస్ ఖాళీ అవ్వాలి, 2025 అక్టోబర్‌లో 84వ ఏట అడుగుపెట్టిన బచ్చన్ మళ్లీ ఆ గాయాల మేకప్‌లో గంటలు కూర్చోవాలి, కమల్ హాసన్ తేదీలు కలవాలి. సుమతిగా ఎవరు వస్తారో తేలాలి. ఎవరు వచ్చినా కథ ప్రకారం ఆమె చేయాల్సిన మొదటి పని ఆ బిడ్డను కనడమే. అప్పుడు ఆమె ఒప్పందంలో రోజుకు ఎన్ని గంటలని రాస్తారో చూడాలి.