విద్యాపీఠములందు వారసపు హక్కు

“మా అమ్మాయికి హార్వర్డులో సీటు వచ్చునా?” అను ప్రశ్న న్యూజెర్సీలోని ఎడిసనులోను, టెక్సాసులోని ఫ్రిస్కోలోను స్థిరపడిన తెలుగువారి యిండ్లలో ఏటేటా శరదృతువున మొదలై, ఫలితములు వెలువడు మార్చి నెలాఖరు వరకు విశ్రాంతి యెరుగక తిరుగుచుండును. పిల్ల తరగతిలో ప్రథమురాలు, శాట్ పరీక్షలో 1600 మార్కులకు ముప్పదియో నలుబదియో మాత్రమే తక్కువ, కళాశాలలో చెప్పవలసిన గణితమును బడిలో నుండగనే ముగించినది, కూచిపూడి నేర్చినది, ఆదివారములందు గ్రంథాలయమున చిన్నపిల్లలకు చదువు చెప్పుచున్నది. ఇన్ని యున్నను ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పగలవాడు లేడు. వేల డాలర్లు పుచ్చుకొని సలహా లిచ్చు కౌన్సెలరు చెప్పజాలడు. పన్నెండేండ్లుగా ఆ పిల్లను చూచుచున్న బడి పెద్దలును చెప్పజాలరు. ఇట్లు చెప్పలేకపోవుటకు గల కారణములలో కొన్ని సహజములు, సహింపదగినవి. ఒకటి మాత్రము సహింపరానిది. ఆ యొక్కదానిని గూర్చియే నేడు మేము వ్రాయుచున్నాము.

సహజమైన కారణము సీట్ల కొరత. 2024లో చేరుటకై హార్వర్డు కళాశాలకు దరఖాస్తు పెట్టినవారు 54,008 మంది కాగా, ప్రవేశము దొరకినవారు 1,937 మంది. అనగా నూటికి నలుగురైనను లేరు. ఇంత సన్నని జల్లెడలో యోగ్యులనేకులు మిగిలిపోవుట తప్పదు. మన ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలోను ఒక్క మార్కు తగ్గినందున వందల ర్యాంకులు దిగజారి కోరిన శాఖను పోగొట్టుకొన్న పిల్లలు ప్రతి యూరనున్నారు. వారి దుఃఖము నిజమైనదే. కాని తా మేమి రాసితిమో, ఏ కొలతకు ఎంత తక్కువైతిమో వారికి తెలియును. ఓటమికి కొలత తెలిసినపుడు బాధ యుండును గాని అవమాన ముండదు.

సహింపరాని కారణము వేరొకటి. అమెరికాలోని ప్రసిద్ధ విద్యాలయముల దరఖాస్తులో తల్లిదండ్రులు ఎక్కడ చదివిరో వ్రాయవలసిన గడి యొకటి కలదు. తాను చేరగోరు కళాశాల పేరునే ఆ గడిలో నింపగల బిడ్డను అక్కడివారు ‘లెగసీ’ అందురు. వారసుడని దాని యర్థము. హార్వర్డుపై నడచిన వ్యాజ్యమున బయటపడిన ఆరేండ్ల ప్రవేశముల లెక్కలను బట్టి చూడగా, ఇట్టి వారసులలో సుమారు మూడింట నొకవంతు మందికి ప్రవేశము లభించినది. వారసులు కానివారిలో నూటికి ఆరుగురి చొప్పున మాత్రమే లభించినది. ఆ లెక్కలనే మఱింత లోతుగా పరిశీలించి ఆర్సిడియాకొనో, కిన్స్‌లర్, రాన్సమ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన దేమనగా, అక్కడ ప్రవేశము పొందిన శ్వేతజాతి విద్యార్థులలో నూటికి 43 మంది పూర్వవిద్యార్థుల బిడ్డలో, అధ్యాపకుల బిడ్డలో, ధనదాతల వలన పరిగణనకు వచ్చినవారో, ఆటలకై ఎంపికయినవారో. అట్టివారిలో సుమారు ముప్పాతికమంది, ఆ హంగు లేకుండ సామాన్యులవలె తూగవలసి వచ్చినచో, వెనుకకు పంపబడి యుండెడివారు.

ఈ వారసులు స్వయముగా తెలివిగలవారే, చదువుకొన్న యింట పుట్టినందున వారికి చదువబ్బినది, అందులో వింత యేమున్నదని సమర్థకులు వాదింతురు. ఈ వాదమునకు 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనువారు జరిపిన పరిశోధన తిరుగులేని సమాధాన మిచ్చినది. ఐవీ లీగు నందలి ఎనిమిదింటిని, స్టాన్‌ఫర్డ్, ఎం.ఐ.టి., డ్యూక్, షికాగోలను కలిపి పన్నెండు విద్యాలయములను వారు పరీక్షించిరి. మార్కులు సమానమై యున్నను, ఆదాయమున అగ్రస్థానమందున్న ఒక్క శాతము కుటుంబముల బిడ్డలు ఆ విద్యాలయములలో చేరు అవకాశము మధ్యతరగతి బిడ్డలకున్న దానికి రెట్టింపునకు మించియున్నదని తేలినది. అందులకు గల కారణములలో అన్నిటికన్న పెద్దది వారసప్రాధాన్యమే. అంతకన్న ముఖ్యముగా, తన తల్లియో తండ్రియో చదివిన కళాశాలలో గొప్ప మొగ్గును పొందు ఆ వారసుడే, అదే స్థాయికి చెందిన పొరుగు కళాశాలకు దరఖాస్తు పెట్టినపుడు దాదాపు తక్కినవారితో సమానుడై పోవుచున్నాడు. మొగ్గునకు మూలము ప్రతిభయే యైనచో, ఆ ప్రతిభ ఒక నగరమున వెలిగి మఱియొక నగరమున ఆరిపోవునా?

ఈ యాచారము పుట్టిన విధమును తెలిసికొన్నవారెవ్వరును దీనిని సంప్రదాయమని గౌరవింపజాలరు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప, తూర్పు ఐరోపా నుండి వలసవచ్చి బట్టలు కుట్టియు, చిల్లర దుకాణములు నడపియు జీవించిన యూదుల బిడ్డలు, కేవలము ప్రవేశపరీక్షలలో నెగ్గియే హార్వర్డులో చేరసాగిరి. 1922 నాటికి వారు విద్యార్థులలో ఐదవవంతునకు మించిరి. అధ్యక్షుడు లారెన్స్ లోవెల్ వారి సంఖ్యకు హద్దు విధింపవలెనని బాహాటముగానే పలికెను. అధ్యాపకులు అందుల కంగీకరింపలేదు. తలుపున ప్రవేశింపలేని ఆ తలంపు కిటికీగుండ ప్రవేశించినది. మార్కులు చాలవనిరి, ‘శీలము’ చూడవలె ననిరి, ‘నాయకత్వము’ చూడవలె ననిరి, దరఖాస్తుతో ఛాయాచిత్రము పంపుమనిరి. పూర్వవిద్యార్థుల కుమారులకు ప్రాధాన్య మిచ్చు నియమములును తూర్పుతీరపు కళాశాలలలో ఆ దశకమునందే స్థిరపడినవి. వలసవచ్చినవాని బిడ్డ పరీక్షలో గెలిచినను సంపాదింపజాలని దొక్కటే కలదు: తాతతండ్రుల పేరు. కనుకనే దానిని అడ్డుగోడగా ఎంచుకొనిరి. ఒక్క శతాబ్ది గడచినది. నాడు యూదులు నిలిచిన చోట నేడు ఆసియా నుండి వచ్చినవారి బిడ్డలు నిలిచియున్నారు. హార్వర్డు వ్యాజ్యమున ఆ బిడ్డల ‘వ్యక్తిత్వపు’ మార్కులు తక్కినవారి మార్కులకన్న తక్కువగా నుండుట చర్చకు వచ్చినది. ఉద్దేశపూర్వకమగు వివక్ష రుజువు కాలేదని 2019లో విచారణ జరపిన న్యాయస్థానము నిర్ణయించినమాట వాస్తవమే. అయినను ఎన్నడును చూడని పిల్ల వ్యక్తిత్వమునకు దూరమున కూర్చుండి మార్కులు వేయు పద్ధతి ఏ కాలమున, ఎవరిని నిలువరించుటకై మొదలైనదో మఱచిపోరాదు.

ఇక ధనము సంగతి. వారసులకు తలుపు మూసినచో పూర్వవిద్యార్థులు విరాళము లీయరనియు, విరాళములు లేనిచో బీదవిద్యార్థులకు సాయము చేయుట సాధ్యము కాదనియు చెప్పుదురు. విద్యాలయములకు దాతృత్వముతో గల బంధము పాతది; మన తీరమునకును దానితో సంబంధము కలదు. ఈస్టిండియా కంపెనీ పక్షమున మద్రాసులోని సెంట్ జార్జి కోటకు గవర్నరై, కోరమాండల్ తీరపు వస్త్రాదుల వ్యాపారమున ఐశ్వర్యము గడించిన ఎలైహు యేల్ 1718లో పంపిన సరుకుల మూటలను, పుస్తకములను పుచ్చుకొనియే కనెక్టికట్టులోని యొక చిన్న కళాశాల తన పేరు మార్చుకొనెను. ఆ తీరమున మగ్గముల మీద వంగి నేసినవారిలో తెలుగు సాలెలును కలరు. వారి పేర్లు ఏ మందిరముపైనను లేవు. ధనికుని కానుకకు విద్యాలయము కృతజ్ఞత చూపుటను మేము నిందింపము. భవనమునకు దాత పేరు పెట్టవచ్చును, పీఠమునకు పెట్టవచ్చును. బిడ్డకు సీటిచ్చుట కృతజ్ఞత కాదు, విక్రయము. పైగా ఆ భయము సైతము నిరాధారమని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము నిరూపించినది. వారసప్రాధాన్యమును విడనాడితిమని అది 2020లో ప్రకటించినది. వాస్తవముగా మానివేసినది అంతకు కొన్నేండ్ల ముందే. 2009లో కొత్తగా చేరినవారిలో నూటికి 12.5గా నున్న వారసులు పదేండ్లలో 3.5కు దిగిరి, ప్రభుత్వపు పెల్ సహాయమునకు అర్హులైన అల్పాదాయవర్గముల బిడ్డలు 9 నుండి 19కి పెరిగిరి. విరాళము లాగినవా? పూర్వవిద్యార్థి మైకేల్ బ్లూంబర్గ్ 2018లో ఆ విద్యాలయమునకే, విద్యార్థుల ఆర్థికసహాయమునకై, 180 కోట్ల డాలర్ల నొసగెను. ఎం.ఐ.టి.యు, కాల్‌టెక్కును వారసుల నెంచకయే జగద్విఖ్యాతములై యున్నవి.

ఈ విషయమున తీర్పు చెప్పుటకు తెలుగువారికి ఒక విశేషాధికారము కలదని మా విశ్వాసము. మన పల్లెలలో కరణీకమును, మునసబీయు తరతరములుగా తండ్రి నుండి కొడుకునకు సంక్రమించుచుండెను. 1895 నాటి మద్రాసు చట్టము ఆ యాచారమునకు శాసనబలము నిచ్చినది. స్వాతంత్ర్యము వచ్చి, రాజ్యాంగము అమలులోనికి వచ్చి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతను ఆ చట్టము నిలిచియే యున్నది. గుంటూరు జిల్లాలో గ్రామములను పునర్విభజించినపుడు ఏర్పడిన మునసబు ఉద్యోగమునకు ఇరువురు పోటీపడిరి. ఒకనికి వంశము కలదు, రెండవవానికి లేదు. వంశములేనివాడు సుప్రీంకోర్టు దాక పోయెను. 1960 డిసెంబరులో ఆ న్యాయస్థానము, మునుపటి ఉద్యోగి కుటుంబములోని వారికే ప్రాధాన్య మీయవలె ననుట కేవలము జన్మమును బట్టి చూపు వివక్షయనియు, రాజ్యాంగపు పదునారవ అధికరణమునకు విరుద్ధమనియు తీర్మానించి, ఆ చట్టభాగమును కొట్టివేసినది. అనుభవము, ఊరివారి పరిచయము, తాతల నాటి నుండి వచ్చిన లెక్కల నేర్పు మొదలుగా నేడు అమెరికాలో వినవచ్చు సమర్థనలన్నియు నాడు మన యూళ్లలో వినవచ్చినవే. 1984లో ఆ గ్రామోద్యోగములను సమూలముగా తొలగించినపుడు గ్రామములు కూలిపోవు నన్నవారును కలరు. కూలిపోలేదు.

గ్రామ మునసబీ ప్రభుత్వోద్యోగము; కాని, హార్వర్డు, స్టాన్‌ఫర్డులు ప్రైవేటు సంస్థలు గదా యని అడుగవచ్చును. అవి ప్రజాధనముతో సంబంధము లేనివైనచో ఈ ప్రశ్న సబబే. కాని వాటి పరిశోధనలకు సమాఖ్యప్రభుత్వపు నిధులు వచ్చుచున్నవి. వాటికి విరాళమిచ్చిన ధనికునకు ఆదాయపు పన్నులో రాయితీ దొరకుచున్నది. ఆ రాయితీవలన కలిగిన లోటును పూరించువారిలో సీటు రాని పిల్ల తల్లిదండ్రులును ఉన్నారు. ప్రజలు భరించు సంస్థ ప్రజల బిడ్డలను పుట్టుకను బట్టి వేరుచేయరాదు.

2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశములందు జాతిని పరిగణించుట చెల్లదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును మన వారిలో పలువురు హర్షించిరి, పలువురు చింతించిరి. మాకు మాత్రము దానివలన ఏర్పడిన వైపరీత్యమే ప్రధానముగ తోచుచున్నది. తరతరములుగా అణగద్రొక్కబడినవారికై ఉద్దేశించిన చేయూత తొలగినది. తరతరములుగా మెట్టుపై నిలిచినవారికై ఉద్దేశించిన చేయూత నిలిచినది. మందును పారబోసి వ్యాధిని పదిలపరచుట వంటిది ఇది. వర్జీనియా రాష్ట్రము 2024లో తన ప్రభుత్వ విద్యాలయములందు వారసప్రాధాన్యమును నిషేధించినది. కొలరాడో అంతకు పూర్వమే ఆ పని చేసినది. కాలిఫోర్నియా మఱియొక యడుగు ముందునకు వేసి, 2024 సెప్టెంబరులో చేసిన శాసనముచే ప్రైవేటు విద్యాలయములకును ఆ నిషేధమును వర్తింపజేసినది. అందులకు స్టాన్‌ఫర్డు చూపిన స్పందన మిక్కిలి శోచనీయము. వారసులను వదలుకొనుటకు బదులు, బీదవిద్యార్థులకై రాష్ట్రమిచ్చు కాల్ గ్రాంటులనే వదలుకొని, ఆ మేరకు సొమ్మును తన ఖజానా నుండి ఇచ్చుకొందు ననినది. విద్యార్థులకు రావలసిన సొమ్ము ఏదో విధముగా వచ్చును గాక. ఒక మహావిద్యాలయము తన హృదయమున దేనికి ఎంత వెల కట్టినదో మాత్రము లోకమునకు విశదమైనది. ఆ నిర్ణయమును అది ఉపసంహరించుకొనవలెను. తక్కిన రాష్ట్రములు కాలిఫోర్నియా చట్టమును అనుసరింపవలెను. అనుసరించునపుడు, నిధులు వదలుకొని తప్పించుకొను సందు లేకుండ గట్టిగా బిగింపవలెను.

ఇంతవరకు వ్రాసినది పరులను గూర్చి. మనవారిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. అది కొందరికి కష్టము కలిగింపవచ్చును. అమెరికాలో పుట్టి పెరిగి, పూర్వము ఈ విద్యాలయములలో ఎవరి సిఫారసు లేక చేరి పట్టములు పొందిన తెలుగువారు నేడు నడివయసువారై యున్నారు. వారి బిడ్డలు దరఖాస్తు పెట్టు ప్రాయమునకు వచ్చుచున్నారు. నిన్నటి దాక గోడ బయట నిలిచి అన్యాయమని మొరపెట్టిన కుటుంబములు కొన్ని నేడు గోడ లోపలికి చేరినవి. మన వంతు వచ్చిన వేళ తలుపు మూయు టెందుకని లోలోపల అనుకొనువారు లేకపోలేదు. ఎడిసనులోని ఆ తల్లిదండ్రులు ఈ మాట విన్నచో ఏమనుకొందురు? నిన్న గాక మొన్న హెచ్-1బి వీసాపై డాలసులో దిగి, బడి సామానులకు లెక్కచూచుకొను తండ్రి ఏమనుకొనును? వారి పిల్లల కడ్డుగా నిలుచు గోడకు ఒక తెలుగు ఇటుక చేరినంత మాత్రమున అది గోడ కాకపోదు.

కావున తానా, ఆటా మొదలగు తెలుగు సంఘములు తమ రాబోవు మహాసభలలో వారసప్రాధాన్యమును రద్దుచేయవలెనని స్పష్టముగా తీర్మానించి, ఆ తీర్మానమును తమ తమ రాష్ట్రముల శాసనసభ్యులకు పంపవలెనని కోరుచున్నాము. ఆ విద్యాలయములలో చదివిన మన పూర్వవిద్యార్థులు ఒక్కొక్కరును తమ కళాశాలకు లేఖ వ్రాసి, తమ బిడ్డ దరఖాస్తును పరిశీలించునపుడు తల్లిదండ్రుల కళాశాల పేరుగల ఆ గడిని చూడవద్దని, విరాళ మిచ్చునపుడు దానికిని బిడ్డ ప్రవేశమునకును సంబంధము వలదని తెలియజేయవలెను. నవంబరు మొదటి తేదీన ముందస్తు దరఖాస్తుల గడువు ముగియును. లేఖ అంతకు ముందే చేరవలెను.